ఐదో నంబరు హోల్డు, 14 సెంటీమీటర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు మన ఎదురుగా కూర్చున్న తమ్ముడిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు. వాళ్ళ నాన్నది చేపల వేట. ఇతను డెక్ కేడెట్‌గా, అంటే ఆఫీసర్ ట్రైనీగా, ఓడెక్కి ఇప్పుడు థర్డ్ ఆఫీసర్ అయ్యాడు. ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి పేరు, కంపెనీ, ఓడ ఏవీ అడగనని ముందే మాటిచ్చాను. సెలవు మీద వచ్చి ఎన్ని రోజులైంది?

గెస్ట్: ఇరవై రోజులైందక్కా. ఇప్పటికీ పొద్దున్న ఏడుంపావుకల్లా మెలకువొచ్చేస్తోంది. థర్డ్ ఆఫీసర్‌ది ఎనిమిది నుంచి పన్నెండు వాచ్ కదా, అంటే ఓడ నడిపే డ్యూటీ, ఆ టైముకి ఫోన్ చేసి లేపుతారు. ఇక్కడ లేపేవాళ్ళెవరూ లేకపోయినా లేచి కూర్చుంటున్నాను. అమ్మ నవ్వుతోంది.

హోస్ట్: ఇంటర్ అయ్యాక ఏం చేశావు? వినే పిల్లలుంటారు, కొంచెం వివరంగా చెప్పు.

గెస్ట్: ఇంటర్‌లో ఎంపీసీ. తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాశాను. డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్ అని ఒక ఏడాది కోర్సు, డీఎన్‌ఎస్ అంటారు. ఆ పైన 18 నెలలు ఓడ మీద ట్రైనింగ్. ఇంట్లో ఉన్న రోజులు ఆ లెక్కలోకి రావు. అది పూర్తయితేనే సెకండ్ మేట్ పరీక్షకి, అంటే ఆఫీసర్ అయ్యే పరీక్షకి, కూర్చోనిస్తారు. ఇంకోటి, డెక్ వైపు రావాలంటే రంగులు సరిగ్గా కనబడాలి. రాత్రిపూట ఎదుటి ఓడ ఎటు తిరిగి ఉందో దాని ఎర్ర దీపం, పచ్చ దీపం చూసే చెప్పాలి. ఆ మెడికల్ టెస్టు ముందు చేయించుకుని అప్పుడు ఫీజు కట్టడం మంచిది.

హోస్ట్: మన వైపు ఏజెంట్ల మోసాల గురించి చాలా వింటుంటాం.

గెస్ట్: మా ఇంట్లోనే జరిగింది. నాకు మావయ్య వరసయ్యే ఆయన అప్పు చేసి ఒక ఏజెంటుకి లక్షలు కట్టాడు. ఓడా లేదు, డబ్బూ రాలేదు. అందుకే నేను షిప్పింగ్ అనగానే నాన్న ముందు కుదరదన్నాడు. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఓడల మీదకి మనుషుల్ని పంపే కంపెనీకి ఆర్‌పీఎస్‌ఎల్ అని లైసెన్సుంటుంది, అది ఉందో లేదో ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర డబ్బు తీసుకోకూడదు, రూలే ఒప్పుకోదు. అడిగారంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

హోస్ట్: సరే, ఓడెక్కావు. మొదటి రోజుల సంగతి చెప్పు.

గెస్ట్: బల్క్ క్యారియర్, బొగ్గులాంటి సరుకు విడిగా పోసుకెళ్ళే ఓడ. 225 మీటర్ల పొడవు, ఏడు హోల్డులు. హోల్డంటే సరుకు పోసే గది. మా ఊరి గుడి గోపురంతో సహా ఒక్క హోల్డులో పట్టేస్తుంది. మొదటి నెలంతా నేను తుప్పే చూశాను. చిప్పింగ్ సుత్తితో కొట్టడం, వైర్ బ్రష్‌తో రుద్దడం, ప్రైమర్, ఆ మీద పెయింటు. సముద్రం పక్కనే ఉంది, తలెత్తి చూసే తీరికేది? రాత్రి పడుకుంటే కూడా చెవుల్లో సుత్తి చప్పుడే.

హోస్ట్: సముద్రం మీద పెరిగినవాడివి, మిగతావాళ్ళ కంటే నీకు సులువై ఉండాలే?

గెస్ట్: వాంతులు రాలేదు, అంతవరకే. ఒక విషయంలో అదే దెబ్బకొట్టింది. మొదటిసారి స్టీరింగ్ ఇచ్చారు. చీఫ్ ఆఫీసర్ "పోర్ట్ టెన్" అన్నాడు, అంటే ఎడమకి పది డిగ్రీలు. నేను "పోర్ట్ టెన్ సర్" అని గట్టిగా అని, చక్రం కుడివైపు తిప్పేశాను.

హోస్ట్: అదేంటి?

గెస్ట్: మా తెప్పకి ఇంజిన్ వెనకుంటుంది, దాని పిడి పట్టుకుని నడుపుతాం. పిడి కుడికి నెడితే తెప్ప ముక్కు ఎడమకి తిరుగుతుంది. పదేళ్ళ వయసు నుంచీ చేతికి అదే అలవాటు. ఓడ చక్రం అలా కాదు, ఎడమకి తిప్పితే ఎడమకే పోతుంది. ఆయన చక్రం తిప్పేసి సరిచేసి, "మీ ఊళ్ళో పోర్టు అటువైపుంటుందా?" అన్నాడు. ఫిలిప్పీన్స్ ఆయన. నెల రోజులు మెస్‌లో అదే జోకు.

హోస్ట్: ఆయన దగ్గరేనా పని నేర్చుకున్నది?

గెస్ట్: ఆయన దగ్గరే. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వాచ్ ఆయనది, నన్ను దాంట్లోనే వేసుకున్నాడు. అక్కా, బొగ్గు సంగతి చెబుతాను. ఎవరికీ పెద్దగా చెప్పలేదు ఇది.

హోస్ట్: చెప్పు.

గెస్ట్: ఆస్ట్రేలియాలో హే పాయింట్ అని రేవు. అక్కడ కోకింగ్ కోల్, అంటే ఉక్కు తయారీకి వాడే బొగ్గు, ఎక్కించుకుని మన విశాఖ పక్కన గంగవరం రేవుకి వస్తున్నాం. రెండు వారాలు దాటే ప్రయాణం. బొగ్గు తడిగా ఉంటుంది. ఆ తడంతా దిగి హోల్డు అడుగున బిల్జ్ అనే గుంటలో చేరుతుంది. ఒక్కో హోల్డుకి ఎడమ ఒకటి, కుడి ఒకటి, మొత్తం పద్నాలుగు. రోజూ పొద్దున్నే డెక్ మీద పైపు మూత విప్పి, చివర ఇత్తడి బరువు కట్టిన టేపు కిందకి వదిలి నీళ్ళు ఎంత లోతున్నాయో కొలవాలి. టేపుకి ఒక పేస్టు రాస్తాం, నీళ్ళు తగిలినంత మేర దాని రంగు మారుతుంది. సౌండింగ్ తీయడం అంటారు. అది నా డ్యూటీ. అది కాక, బొగ్గు కదా, లోపల మీథేన్ ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అని గ్యాసులూ చూడాలి.

హోస్ట్: రోజూ పద్నాలుగు చోట్లా?

గెస్ట్: రోజూ. ఒకరోజు ఐదో నంబరు హోల్డు కుడి పైపు మూత బిగుసుకుపోయింది. తుప్పు. స్పానర్ కోసం ముందున్న స్టోరు దాకా పోవాలి. చీకటి, డెక్కంతా తడి, ముందు రోజు నిద్ర కూడా సరిగ్గా లేదు. 24 గంటల్లో కనీసం పది గంటలు రెస్ట్ ఇవ్వాలని రూలుంది. కాగితం మీద ఎప్పుడూ పది ఉంటాయి, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. నిన్న ఆ బిల్జ్‌లో 14 సెంటీమీటర్లుంది. ఇవాళ కూడా 14 అని రాసేశాను.

హోస్ట్: కొలవకుండానే.

గెస్ట్: కొలవకుండానే. పది గంటలకి చీఫ్ ఆఫీసర్ పిలిచాడు. బుక్కు తెరిచి ఉంది. "పంప్ చేసిన మూడో హోల్డు కాక మిగతావన్నీ నిన్నటి కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగాయి. ఈ ఒక్క చోట బొగ్గు ఆరిపోయిందా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. స్పానరు ఆయనే తెచ్చాడు. ఇద్దరం వెళ్ళాం, ఆయనే మూత విప్పాడు. టేపు నా చేతికిచ్చాడు.

హోస్ట్: ఎంతుంది?

గెస్ట్: ముప్ఫై ఎనిమిది.

హోస్ట్: అమ్మో.

గెస్ట్: ముందు రోజు మధ్యాహ్నం మూడో హోల్డు బిల్జ్ పంప్ చేశారు. ఐదో దాని లైనులో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఉంటుంది, దాంట్లో చిన్న బొగ్గు పలుకు ఇరుక్కుంది. మూడోదాంట్లో తోడిన నీళ్ళు కొన్ని ఐదోదాంట్లోకి పోయాయి. ఓడ మునిగేంత ప్రమాదం కాదు, అంత సినిమా ఏం లేదు. కానీ నేను రాసిన 14 చూసి ఊరుకుని ఉంటే, ప్రతిసారీ పంప్ చేసినప్పుడల్లా అలాగే పోయేవి.

హోస్ట్: బాగా తిట్టాడా?

గెస్ట్: తిట్టి ఉంటే బాగుండేది. నా 14 మీద ఒకే ఒక్క గీత గీశాడు. లాగ్ బుక్కుల్లో తప్పు దిద్దితే కింద అంకె కనబడాలి, వైట్నర్ పెట్టకూడదు. పక్కన 38 వేసి నా చేత సంతకం పెట్టించాడు. "మూత రాలేదు, తీయలేదు అని రాసి ఉంటే నేనొచ్చి తీసేవాణ్ణి" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. నేను ఓడ దిగేదాకా ఆ పేజీ నా కళ్ళ ముందే ఉంది. రోజూ దాన్ని తిప్పే కదా కొత్త పేజీలో రాయాలి.

హోస్ట్: తర్వాత నీ మీద నమ్మకం పోలేదా ఆయనకి?

గెస్ట్: వారం పది రోజులు నేను తీసినవి మళ్ళీ బోసన్ చేత, అంటే డెక్ పనివాళ్ళ మేస్త్రీ చేత, తీయించాడు. అదీ నాకు చెప్పే. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది. అది మారింది ఇంకో రాత్రి. తెల్లవారుజామున వాచ్, నేను లుకౌట్, అంటే చుట్టూ చూస్తూ కాపలా. దూరంగా నీళ్ళ మీద చిన్న వెలుగు, ఇలా అటూ ఇటూ ఊగింది, ఆరిపోయింది. రాడార్‌లో ఏమీ లేదు. మునుపటి నేనైతే నోరు మూసుకునేవాణ్ణే, లేనిదాన్ని చూశానంటే నవ్వుతారని. చెప్పేశాను. అది టార్చిలైటు అని కూడా చెప్పాను.

హోస్ట్: ఎలా తెలిసింది?

గెస్ట్: మా నాన్నా అదే చేస్తాడక్కా. పెద్ద ఓడ మీదకొస్తోందంటే తెప్పలో లేచి నిలబడి టార్చి ఊపుతారు. ఫైబర్ తెప్ప రాడార్‌లో సరిగ్గా పడదు, అలలుంటే అసలే పడదు. చిన్నప్పుడు తెప్పలోంచి ఓడని చూసి, అంత ఎత్తునున్నవాళ్ళకి అన్నీ కనబడతాయనుకునేవాణ్ణి. పైకెక్కితే కదా తెలిసింది. చీఫ్ ఆఫీసర్ వెంటనే ఓడని పక్కకి తిప్పించాడు. కాసేపటికి బైనాక్యులర్స్‌లో కనబడింది, ఒక పడవ, ముగ్గురు మనుషులు. మర్నాటి నుంచి బోసన్ రెండోసారి సౌండింగ్ తీయడం ఆగిపోయింది. ఎందుకని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

హోస్ట్: ఆ ఓడ మన విశాఖ వచ్చినప్పుడు ఇంటికెళ్ళావా?

గెస్ట్: లేదు. డాల్ఫిన్స్ నోస్ లైటు కనబడింది, జియో సిగ్నలొచ్చింది, అమ్మతో మాట్లాడాను. గంగవరం నుంచి మా ఊరు బస్సులో కొన్ని గంటలే. కానీ సరుకు దిగుతున్నంతసేపూ కేడెట్‌కి పనే. గ్యాంగ్‌వే, అంటే ఓడెక్కే మెట్ల దగ్గర నిలబడి రాసుకున్నాను, ఎవరెక్కారు, ఎవరు దిగారు అని.

హోస్ట్: పరీక్షలు?

గెస్ట్: రాతవి పోయాయి సులువుగానే. ఓరల్స్ మొదటిసారి ఫెయిల్. పొగమంచులో రెండు ఓడలు కనబడకుండా ఎదురైతే ఎవరు దారివ్వాలని అడిగారు. మామూలు రోజుల రూలు చెప్పాను, కుడివైపు ఓడ ఉన్నవాడు తప్పుకోవాలని. ఒకరికొకరు కనబడనప్పుడు ఆ లెక్క ఉండదు, ఇద్దరూ జాగ్రత్త పడాల్సిందే. పొగమంచులో నిలబడి వాచ్ చేసినవాణ్ణి, అయినా టెన్షన్‌లో పుస్తకం గుర్తొచ్చింది కానీ సముద్రం గుర్తు రాలేదు. రెండోసారి పాసయ్యాను.

హోస్ట్: ఇప్పుడు నీ కింద కేడెట్లున్నారా?

గెస్ట్: ఒక అబ్బాయి ఉన్నాడు, కేరళ. చెప్పడం కంటే వాళ్ళు మనల్నే చూస్తుంటారక్కా. మొన్న డిసెంబరులో పారదీప్ నుంచి వైజాగ్ వస్తున్నాం. రాత్రి పదిన్నర. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, నేను, లుకౌట్‌గా ఒక నావికుడు, ఈ అబ్బాయి. ముందంతా చుక్కలు పోసినట్టు దీపాలు, వేట పడవలు. ఎటు తిప్పినా మైలు దూరం మిగిలేలా లేదు. మైలులోపు వస్తే నన్ను లేపండని కెప్టెన్ రాసి సంతకం పెట్టిన ఆర్డరు ఉంది. కానీ ఆయన అప్పుడే పడుకున్నాడు. ఫోన్ మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం ఆగాను. కుర్రాడు నా చెయ్యి వంకే చూస్తున్నాడు.

హోస్ట్: చేశావా?

గెస్ట్: చేశాను. ఆయన నిక్కరు మీదే వచ్చాడు. రెండు నిమిషాలు చూసి ఎడమకి ఇరవై డిగ్రీలు, సముద్రం వైపు తిప్పమన్నాడు. పడవలన్నీ కుడివైపుకి పోయేదాకా అక్కడే నిలబడి, టీ తాగి, పోయి పడుకున్నాడు. అప్పుడు మేం సరిగ్గా కళింగపట్నానికి ఎదురుగా ఉన్నాం. అంటే మా వాళ్ళు వేటాడే చోటే.

హోస్ట్: మీ నాన్న కూడా ఆ దీపాల్లో ఉన్నాడేమో!

గెస్ట్: నాకూ అదే అనిపించింది. పొద్దున్న సిగ్నల్ రాగానే ఫోన్ చేసి, "రాత్రి పెద్ద ఓడొకటి పక్కకి తిరిగిపోవడం చూశావా?" అనడిగాను. "ఏ ఓడరా? ఇంజిన్ రిపేరుకిచ్చి మూడు రోజులైంది, ఇంట్లోనే ఉన్నాను. నువ్వేమైనా డబ్బులు పంపుతావా?" అన్నాడు.

హోస్ట్: పంపావా?

గెస్ట్: పంపకుండా ఎలా కుదురుతుందక్కా!