ట్రంకు పెట్టె మీది పేరు

పెద్దలకు, అమ్మలకు, పండుగకు ఊరొచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మన మాజీ సైనికులకు రెండు చేతులెత్తి దండం.

పండుగ పూట ఈ సభేంటని కొందరు అడిగారు. ఇళ్లల్లో సకినాలు కాలుతున్నాయి, పిల్లలు గాలిపటాలు వదిలి రావడానికి ఇష్టపడరు, నాకూ తెలుసు. కానీ జనవరి 14 మాజీ సైనికుల దినం కూడా. మన సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతి కరియప్ప 1953లో ఇదే తారీఖున రిటైరయ్యారు. అందుకే దేశమంతా ఈ రోజున, బతికి ఉన్న సైనికులను పిలిచి కూర్చోబెట్టుకుంటారు. పైగా హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లలు ఊరికి వచ్చేది ఈ నాలుగు రోజులే. మీరు లేకుండా ఈ రాయి మీది గుడ్డ తీయడం నాకు ఇష్టం లేదు.

ఈ రాయి మీద, మన ఊరి నుంచి సైన్యంలో చేసినవాళ్ల 41 పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఉద్యోగంలో ఉండగానే ప్రాణాలిచ్చారు. మిగతా 39 మంది తిరిగొచ్చారు. తిరిగొచ్చినవాళ్లలో 14 మంది ఇంకా మన మధ్య ఉన్నారు. పని మొదలుపెట్టినప్పుడు గ్రామసభలో ఒక పెద్దాయన అడిగిన మాట నిజాయితీగా చెప్పాలి. "సారూ, స్థూపమంటే పోయినోళ్లది గదా, బతికున్నోళ్ల పేర్లు రాస్తే అపశకునం కాదా?" అన్నాడు. ఆయన తప్పుగా అడగలేదు. మన దగ్గర అలవాటు అదే. ఆయనకు ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతాను.

మన ఊరి పొలిమేరలో, చింతచెట్టు కింద ఒక రాయి ఉంది. బోనాలకు దానికి పసుపు పూస్తాం, బొట్టు పెడతాం. అది వీరగల్లు. దగ్గరికి వెళ్లి చూడండి, మూడు అంతస్తులుగా చెక్కారు. కింద కత్తి పట్టుకుని పోరాడుతున్న మనిషి. మధ్యలో ఆ మనిషిని అప్సరసలు పైకి తీసుకుపోతున్నారు. అన్నిటికన్నా పైన శివలింగం, దాని ముందు అదే మనిషి చేతులు జోడించి కూర్చున్నాడు. ఊరి ఆవుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చనిపోయినవాళ్లకు, యుద్ధంలో పడిపోయినవాళ్లకు ఇలాంటి రాళ్లు నిలబెట్టేవాళ్లు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇవి చాలా ఉన్నాయి. వందల ఏళ్లు వానకూ ఎండకూ నిలిచింది ఆ రాయి. కానీ ఆ మనిషి ఎవరు? ఏ ఇంటాయన? పేరు చెక్కలేదు. మనం పూజ చేస్తున్నాం గానీ, ఎవరికి చేస్తున్నామో తెలియదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం సూయజ్ కాలువ, పాలస్తీనా దాకా వెళ్లింది. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటాం కదా, అక్కడి మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల సైనికులవి. 1922లో పెట్టారు. ఢిల్లీ చూడబోయిన మనవాళ్లు ఆ మూడింట్లో ఒకడు మనవాడని తెలియకుండానే ఫోటో దిగి వస్తారు. 2019 ఫిబ్రవరి 25న అదే ఢిల్లీలో, ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. అక్కడి గోడల మీద, స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో రాతి పలక చొప్పున చెక్కారు. పేరు లేని వీరగల్లు నుంచి పేరున్న పలక దాకా రావడానికి మనకు ఇన్నేళ్లు పట్టింది.

మనకు దగ్గరి సంగతి సూర్యాపేటది. 2016 దాకా అది మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివి, 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది చనిపోయారు. జూన్ 18న కేసారంలో వాళ్ల పొలంలోనే అంత్యక్రియలు జరిగాయి. కరోనా రోజులు, అయినా జనం రోడ్ల పక్కన పూలు పట్టుకుని నిలబడ్డారు. నేను కూడా మూతికి గుడ్డ కట్టుకుని ఒక మూలన నిలబడ్డాను. బండి ముందు నుంచి పోతుంటే పక్కనున్న కూలి తల్లి ఒకామె కన్నకొడుకు పోయినట్టు ఏడ్చింది. ఆయన్ను చూసింది కూడా లేదు. మరుసటి ఏడాది జూన్ 15న సూర్యాపేట కోర్టు చౌరస్తాలో విగ్రహం పెట్టారు. మహావీర్ చక్ర ఇచ్చారు. అవన్నీ జరగాల్సినవే.

ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రాత్రి ఆయన వెంట నిలబడి, దెబ్బలు తిని, బతికి బయటపడ్డవాళ్లు ఉంటారు కదా. వాళ్లు ఏదో ఒక రోజు పింఛను తీసుకుని తమ ఊళ్లకు పోతారు. అక్కడ వాళ్ల పేరు ఎవరు రాస్తారు? అక్కడి సంగతి నాకెందుకు, మన ఊళ్లో రాశామా?

మా చిన్నాయన సంగతి చెబుతాను. 1971 యుద్ధంలో ఆయన పడమటి సరిహద్దులో, సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. రాత్రిపూట హెడ్‌లైట్లు వేయకుండా, ముందున్న బండి వెనక కనిపించే చిన్న మసక వెలుతురును పట్టుకుని మందుగుండు లారీ నడిపాడు. ఈ మాట ఆయన చెబితే నాకు తెలియలేదు. ఆయన పోయాక, కలిసి పనిచేసినాయన ఒకరు దినం నాడు వచ్చి చెబితే తెలిసింది. చిన్నప్పుడు "యుద్ధంలో ఏం చేసినవ్ చిన్నాయనా?" అని నేనడిగితే "బండి తోలిన బిడ్డా" అనేవాడు, అంతే. ఊళ్లో అందరూ ఆయన్ను మిల్ట్రాయన అనేవాళ్లు. ఇల్లు అడిగినా మిల్ట్రాయన ఇల్లే. సైన్యంలోనేమో మన ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి అదే అసలు పేరు అనుకుని ఇరవై ఏళ్లు ఇంటిపేరుతోనే పిలిచారు, లేదంటే మద్రాసీ. మా నాయనమ్మ పెట్టిన పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

పేర్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు మా దగ్గర ఏ లిస్టూ లేదు. ఇద్దరు మాజీ సైనికులు, నేను, ఇంటర్ చదివే ముగ్గురు పిల్లలం ఇల్లిల్లూ తిరిగాం. "మీ ఇంట్లో ఎవరన్నా మిలిటరీలో చేసిండ్రా?" అంటే చాలామంది లేదన్నారు. అప్పుడు మా హవల్దార్ సాబ్ ఒక ఉపాయం చెప్పారు. "నల్ల ట్రంకు పెట్టె ఉందా అని అడుగుదాం సార్" అన్నారు. ఆ మాటతో పని మారిపోయింది. ప్రతి జవానుకూ ఒక నల్ల రేకు పెట్టె ఉంటుంది. దాని మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు రాసుకుంటారు. మనిషి పోయినా పెట్టె పోదు. ఒకరింట్లో అటక మీద దొరికింది. ఒకరింట్లో అందులో బియ్యం పోసుకుంటున్నారు. గొర్రెల కొట్టంలో ఒకటి తవుడు పెట్టెగా ఉంది. తడిగుడ్డతో తుడిస్తే ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఆ ఇంటి మనవరాలు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఇది మా తాత పేరా?" అని మా ముఖం వంక చూసింది.

కొందరి పెట్టెలు పోయాయి. అక్కడ ముసలవ్వలు సాయం చేశారు. ఏ రెజిమెంటో వాళ్లకు తెలియదు. కానీ "ఉత్తరం మీద ఛప్పన్ ఏపీఓ అని రాపిచ్చేదాన్ని" అని టక్కున చెప్పారు. 56 ఏపీఓ అంటే సైనికుల టపా చిరునామా. ఆ అంకె పట్టుకుని, మనియార్డరు ముక్కలు, పాత ఇన్‌ల్యాండ్ లెటర్లు, డిశ్చార్జి బుక్కులు వెతికించాం. ఇంకొక మాట. ఎనభై ఏళ్లు దాటిన ఒకాయన కొడుకును కూడా గుర్తుపట్టడం లేదు. హవల్దార్ సాబ్ ఆయన ముందు నిలబడి "నంబర్?" అని గట్టిగా అడిగితే, మంచం మీద నుంచే అంకె తప్పకుండా మొత్తం నంబరు అప్పజెప్పాడు. మేం ఆరుగురం ఏం మాట్లాడలేకపోయాం.

దొరికినవాళ్లను చూస్తే మూడు దళాలూ ఉన్నాయి. ఎక్కువమంది ఆర్మీ. సికింద్రాబాద్‌లో బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ, సామాన్లు, మందుగుండు నిల్వచేసే ఏఓసీ సెంటర్లు, గోల్కొండలో ఫిరంగి దళం ఆర్టిలరీ సెంటర్ దగ్గర కాబట్టి మెకానిక్కులు, స్టోర్‌కీపర్లు, గన్నర్లు ఉన్నారు. బెంగళూరులో, సైన్యానికి దారులు, వంతెనలు వేసే మద్రాస్ సాపర్స్‌కు పోయినవాళ్లు ఇద్దరు. సియాచిన్‌లో మంచుకు రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నాయన ఇదిగో ఇక్కడే కూర్చున్నారు. 1987లో శ్రీలంకకు శాంతి సేనలో పోయినాయన ఒకరు. ఆ మూడేళ్లలో అక్కడ వెయ్యి మందికి పైగా మన సైనికులు చనిపోయారు, తిరిగొచ్చినవాళ్లను అప్పట్లో పలకరించినవాళ్లు తక్కువ. మన చెరువు తప్ప నీళ్లు ఎరగని పిల్లాడు ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ తీసుకుని నేవీలో పదిహేనేళ్లు చేశాడు. బెళగావిలో నేర్చుకుని ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు రిపేరు చేసినాయన ఉన్నారు. 41లో ఒక పేరు ఆడబిడ్డది. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంటుగా చేరింది. వంటవాళ్లు, క్లర్కులు కూడా ఉన్నారు. హోదాను బట్టి కాకుండా, సైన్యంలో చేరిన ఏడాదిని బట్టి వరుసగా రాశాం.

ఇక్కడ ఒక కష్టమైన మాట దాచిపెట్టలేను. ఈ నేల మీద మిలిటరీ అంటే మొదట భయమే. మన బస్టాండు దగ్గర ఎర్రరంగు స్థూపం ఉంది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక లేచిన తెలంగాణ సాయుధ పోరాటంలో మన ఊరివాళ్లూ ఉన్నారు. కడివెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, రజాకార్ల పీడ వదిలింది. జనం ఎదురేగారు. కానీ ఆ తర్వాత 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా, అదే సైన్యం పోరాట దళాల కోసం మన పల్లెలు గాలించింది. ఆ దెబ్బలు తిన్న ఇళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి. మా నాయనమ్మ పచ్చబట్టల మనిషిని చూస్తే తలుపేసుకునేది. అట్లాంటామె చిన్నకొడుకు పదిహేడేళ్ల తర్వాత సైన్యంలో చేరతానంటే ఇంట్లో ఎంత రభస అయి ఉంటుందో ఊహించండి. ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదట. చివరికి ఆమే సద్ది కట్టి పంపింది. ఆ స్థూపానికీ ఈ రాయికీ మధ్య ఉన్నది నూరు అడుగులు. రెండూ మనవే. ఒకదాని కోసం ఇంకొకదాన్ని మరిచిపొమ్మని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

పేరు గురించి ఇంత చెబుతున్నానంటే కారణం ఉంది. చిన్నాయన పోయాక కుటుంబ పింఛను కోసం మా చిన్నమ్మ తిరిగింది. ఆమెకు ఇంట్లో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, డిశ్చార్జి బుక్కులో మూడోది. మన భాష రాని క్లర్కు ఎప్పుడో విన్నది విన్నట్టు రాశాడు. ఒక ఆఫీసులో ఈమె ఆయన భార్యే అనడానికి రుజువేంటి అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషిని. అఫిడవిట్లు, సాక్షులు, సంతకాలు, మళ్లీ ఫోటోలు. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఆ టెన్షన్‌తో ఆమె సగమైపోయింది. ఈ సభకు వచ్చిన ప్రతి మాజీ సైనికుణ్నీ బతిమాలుతున్నాను. ఇంటికి పోగానే మీ రికార్డులో మీ భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే మీరున్నప్పుడే నల్లగొండ సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, దిద్దించడానికి కాగితం పెట్టండి. తర్వాత ఆ భారం ఆమె మీద పడుతుంది.

గ్రామసభలో అడిగిన పెద్దాయనకు నా జవాబు ఇదే. మనిషి ఉన్నప్పుడే పేరు రాస్తే, తప్పుంటే ఆయనే చెబుతాడు. మేం రాసిన కాగితం ప్రతి ఇంటికీ తీసుకెళ్లి చదివి వినిపించాం. తొమ్మిది పేర్లు దిద్దారు. ఒకాయన తన ఇంటిపేరులో ఒత్తు పోయిందని నాతో గొడవ పడ్డాడు. చాలా సంతోషమేసింది. ప్రారంభించిన వాళ్ల పేర్లు, చందాలిచ్చిన వాళ్ల పేర్లు ఈ రాయి మీద లేవు. అవి పంచాయతీ పుస్తకంలో ఉన్నాయి.

ఈ అక్షరాలు చెక్కిన మనిషి గురించి కూడా చెప్పాలి. నా క్లాస్‌మేట్. మర్రిగూడ వైపు మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆ ఊళ్ల నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ వల్ల మన జిల్లా పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1970లలోనే రాశారు. సైన్యం భర్తీకి ఇద్దరం కలిసే పోయాం. పరుగులో నేను మధ్యలోనే పడిపోయాను. వాడు ముందువరుసలో వచ్చాడు, బీమ్ మీద పది పుల్లప్స్ తీశాడు. మెడికల్‌లో కాళ్లు దగ్గరపెట్టి నిలబడమన్నారు. మడమలు కలవకముందే మోకాళ్లు తగిలాయి. పక్కకు జరగమన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత రాళ్లు చెక్కే పని నేర్చుకున్నాడు. ఈ పని చెప్పినప్పుడు కూలి వద్దన్నాడు. నలభై రోజులు చెక్కాడు. ఇప్పుడు కూడా సభలోకి రాకుండా ఆ వేపచెట్టు కింద నిలబడ్డాడు, మీరందరూ ఒకసారి అటు చూడండి.

గుడ్డ తీయడానికి ఎవర్ని పిలవాలని చాలా చర్చ జరిగింది. చివరికి ఈ ఊళ్లో జవాను భార్యగా అందరికన్నా ఎక్కువ కాలం బతికినామెతో తీయించాలనుకున్నాం. అది మా చిన్నమ్మే అయింది. ఆమెకు చదువు రాదు. నిన్న రాత్రి నన్ను పిలిచి, "నాకు అక్షరాలు రావు గద బిడ్డా, ఆయనది ఏదో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. మూడో వరుస, కుడి నుంచి రెండోది, చేత్తో తడిమితే తగులుతుందని చెప్పాను.

రా చిన్నమ్మా.