నంబరు, హోదా, పేరు

శ్రోతలకు నమస్కారం.

సైన్యంలో ఒక ఆచారం ఉంది. తాను సంపాదించుకున్న పతకాలను సైనికుడు ఎడమ రొమ్మున, గుండె ఉన్న వైపున ధరిస్తాడు. అతడు మరణించిన తరువాత వాటిని భార్యగాని, తల్లిదండ్రులుగాని, బిడ్డలుగాని పెట్టుకోవలసి వస్తే కుడివైపున పెట్టుకుంటారు. ఈ గౌరవం నాది కాదు, నావారిది అని చూసేవారికి నోరు విప్పకుండా చెప్పే పద్ధతి అది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో బీహార్ రెజిమెంటు 16వ పటాలం అధిపతి, సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు ప్రాణాలు విడిచారు. మరుసటి ఏడాది నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లి, భార్య కలిసి మహావీర చక్ర పురస్కారాన్ని అందుకున్నారు. తాను చేరాలనుకొని చేరలేకపోయిన సైన్యంలో కుమారుణ్ణి చూసుకోవాలని తండ్రి ముచ్చటపడి, అతణ్ణి చిన్ననాడే కోరుకొండ సైనిక పాఠశాలలో చేర్పించారు. కబురు అందిన రోజున ఆ తల్లి తనకు దుఃఖమూ ఉంది, గర్వమూ ఉంది అన్నారు. మనలో చాలామంది అందులో రెండవ మాటనే పట్టుకున్నాం. ఆమె మాత్రం రెండూ కలిపే చెప్పారు.

పతకాలు అందే ఇళ్ళు కొన్నే. తక్కిన వేలాది ఇళ్ళలో ఈ గర్వం ఏ రూపంలో ఉంటుందో తెలుసుకోవాలంటే పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం వంటి ఊరిని చూడాలి. ఆ ఊరిని మాధవరం అని ఊరుకోరు, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధానికి 1,110 మంది తమ ఊరినుంచి వెళ్ళారని అక్కడివారు లెక్క చెబుతారు. ఒక్క పల్లెనుంచి వెయ్యిమందికి పైగా! తాత హవల్దారుగా, తండ్రి సుబేదారుగా పనిచేసిన ఇంట్లో మనుమడు తెల్లవారుజామునే లేచి పరుగు సాధన చేస్తుంటే, ఎందుకని అడిగేవారుండరు. ఊళ్ళో చిన్నపిల్లలను కెప్టెన్ అనో, మేజర్ అనో ముద్దుగా పిలుచుకోవడం కూడా ఉంది. పదవీ విరమణ చేసిన మనిషిని ఇంటిపేరుతో కాక హోదాతోనే పలకరించడం మన పల్లెల్లో ఎక్కడైనా విన్నదే. సుబేదారుగారి ఇల్లెక్కడ అంటే దారి చెబుతారు గాని, అసలు పేరు చెప్పి అడిగితే కాసేపు ఆలోచిస్తారు.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. బతుకుతెరువు కోసమే వెళ్ళారు, దేశభక్తి ఎక్కడిది అని తేలికగా తీసిపారేసేవారున్నారు. జీతం, పింఛను ఊసెత్తితే త్యాగానికి మచ్చ వస్తుందని భయపడేవారూ ఉన్నారు. ఇద్దరి మాటా నాకు రుచించదు. మిలిటరీ మనియార్డరుతో చెల్లెలి పెళ్ళి చేసి, తాకట్టులో ఉన్న అరెకరం విడిపించి, పెంకుటిల్లు కట్టిన కొడుకును చూసి గర్వపడిన తల్లి, ఆ కొడుకు సరిహద్దులో కాపలా కాస్తున్నాడనీ గర్వపడింది. ఆమె మనసులో ఈ రెంటికీ వేరువేరు గదులు లేవు.

మా పెదనాన్నగారు హవల్దారు. మా చిన్నతనంలో ఆయన ఏడాదికొకసారి సెలవు మీద వచ్చేవారు. నల్లరంగు ట్రంకుపెట్టె మీద తెల్లటి అక్షరాలతో ఆయన నంబరు, హోదా, పేరు రాసి ఉండేవి. పెట్టె మూత తీయగానే కర్పూరపు ఉండల వాసన, దాని వెనుకే క్యాంటీను సబ్బుల వాసన. ఊరి పెద్దలు కొందరు సాయంత్రానికల్లా కుశలం అడగడానికి ఎందుకు వచ్చేవారో అప్పుడు మాకు తెలియదు, ఆ పెట్టెలో సీసాలు కూడా ఉంటాయని తరువాత తెలిసింది. సెలవు మొదటి వారమంతా పండుగ. చివరి వారంలో పెద్దమ్మ మాట తగ్గిపోయేది. పిండివంటలు మాత్రం ఎక్కువయ్యేవి. స్టేషనుకు ఆమె ఏనాడూ వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, బండి మలుపు తిరగగానే లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసేది. మా వాడు మిలిటరీలో ఉన్నాడు అని మేమంతా ఊళ్ళో చెప్పుకు తిరుగుతుంటే, ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు.

ఆమెకు అక్షరాలు రావు. ఉత్తరం నాచేత రాయించేది. సైనికునికి రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆ కింద 56 ఎ.పి.ఓ. అనో, 99 ఎ.పి.ఓ. అనో రాస్తే చాలు, మంచుకొండల్లో ఉన్నా, ఎడారిలో ఉన్నా సైనిక తపాలావారు చేరవేస్తారు. ఇంత చక్కని ఏర్పాటులోనూ ఇంటివారికి ఒక లోటుంది. భర్త ఎక్కడున్నాడో తెలియకుండానే అతనికి ఉత్తరాలు రాసుకోవాలి. ఎక్కడో తెలిస్తే ఏం చేస్తాం, తెలియకపోతేనే నిద్రపడుతుంది అనేది పెద్దమ్మ.

ఆ రోజుల్లో చెడ్డకబురు తంతిగా వచ్చేది. 1962లో, 1965లో, 1971లో యుద్ధభూమిలో నేలకొరిగిన వారికి ఎక్కువగా అక్కడికి దగ్గరలోనే అంత్యక్రియలు జరిగాయి, ఇంటికి చేరినవి వారి సామాన్లు మాత్రమే. 1999 కార్గిల్ యుద్ధంలో సైనికుల పార్థివ దేహాలను వారి ఊళ్ళకు పంపించారు. జాతీయ పతాకం కప్పిన పెట్టె బజారులోకి వచ్చినప్పుడు ఒక కుటుంబపు దుఃఖం ఊరందరిదీ అయింది, గర్వమూ అందరిదీ అయింది. ఆ యుద్ధంలోనే హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న అమరుడై, మరణానంతరం మహావీర చక్ర పొందారు. అంతకు కొన్నాళ్ళ ముందు ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని అందులో కోరారు. తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం గురించి విన్న అభిమన్యుని కథ తెలిసిన మనకు ఆ కోరిక బరువు వేరే చెప్పనక్కరలేదు. ఆయన పోయిన తరువాత ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు ఎడారిలో ఉన్నా, కొండమీద ఉన్నా కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో కనిపిస్తున్నారు. 2022లో అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం వచ్చాక చేరినవారిలో నాలుగేళ్ళ తరువాత నాలుగవ వంతు మందినే కొనసాగిస్తారు కాబట్టి, కొడుకు తిరిగి వస్తే ఏం చేస్తాడన్నది గర్వంతో పాటు తల్లిదండ్రులు మోస్తున్న కొత్త బెంగ.

మా పెదనాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. కుటుంబ పింఛను కోసం ప్రతి నవంబరులో పెద్దమ్మ తాను బతికే ఉన్నానని బ్యాంకులో ధ్రువపత్రం ఇవ్వాలి. ఒక ఏడాది నేను వెంట వెళ్ళాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి కాగితం తిరగేస్తూ పేరు చెప్పమంది. పెద్దమ్మ పైట సర్దుకుని, నడుము నిటారుగా చేసి, ముందు నంబరు చెప్పింది. ఒక్క అంకె తడబడలేదు. ఆ తరువాత హవల్దారు అంది. ఆ తరువాత ఆయన పేరు చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి, అమ్మా, మీ పేరు చెప్పండి అని మళ్ళీ అడిగింది.