డబ్లిన్ అంటే టెంపుల్ బార్ ఒక్కటే కాదండీ
(ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కి కొత్తగా వచ్చిన మన విద్యార్థుల కోసం మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదువుకుంటూ పోతే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి, పైగా వెనకనుంచి పులిహోర వాసన వస్తోంది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. నన్ను డబ్లిన్‌లో చూడాల్సిన చోట్లు, పబ్బుల గురించి చెప్పమన్నారు. నేను మందు ముట్టను, కమిటీ వాళ్ళకి ఆ సంగతి తెలిసే ఈ టాపిక్ ఇచ్చారో లేక ఆటపట్టిద్దామని ఇచ్చారో వాళ్ళకే తెలియాలి.

సరే. ముందు నా బాధ చెప్పేస్తా. మన వాళ్ళెవరు వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే, "అన్నా, టెంపుల్ బార్ ఎక్కడ?" టూరిస్టులంతా ఎగబడే పబ్బుల పేట అది. అక్కడ ఆ ఎర్ర పబ్బు ముందు నిలబడి ఒక ఫొటో, లోపల ఊరంతటికంటే ఎక్కువ రేటు పెట్టి ఒక గ్లాసు, మర్నాడు ఇక్కడి నల్ల బీరు గిన్నిస్ తయారయ్యే ఫ్యాక్టరీ, అక్కడా ఫొటో, ఇంక డబ్లిన్ అయిపోయింది బ్రో అని స్టేటస్. అరే, తిరుపతి వెళ్ళి కొండ ఎక్కకుండా బస్టాండ్‌లో టీ తాగి వచ్చినట్టుంది నాకైతే.

గిన్నిస్ చూడొద్దని కాదు. 1759లో దాన్ని పెట్టిన ఆర్థర్ గిన్నిస్ ఏడాదికి 45 పౌండ్ల అద్దెకి 9000 ఏళ్ళకి లీజు రాయించుకున్నాడంటే ఆ ధైర్యానికైనా ఒకసారి వెళ్ళి రావాల్సిందే. మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంటుకే ఓనరు మూడుసార్లు ఫోన్ చేస్తాడు. ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ అనే పాతకాలపు బొమ్మల చేతిరాత సువార్తల పుస్తకం కూడా చూడండి, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, అంతే, దాని గురించి గూగుల్ చెప్తుంది. నేను చెప్పాలనుకున్నది వేరే.

మా మావగారు వాల్తేరు డివిజన్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, యూనియన్ అంటే ప్రాణం. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు గ్లాస్నెవిన్ శ్మశానానికి తీసుకెళ్ళా. మీరు నవ్వుతున్నారు గానీ అది ఇక్కడ టూర్లు తిప్పే చోటు, ఐరిష్ జనం హక్కుల కోసం పోరాడిన నాయకుడు డేనియల్ ఓకానెల్ సమాధి మీద పెద్ద రాతి గోపురం ఉంటుంది, 1832లో మొదలైన ఆ శ్మశానంలో ఊళ్ళో బతికున్న జనంకంటే ఎక్కువమంది పడుకుని ఉన్నారు. చూసి బయటికొస్తే వాన. ఆ గోడకి ఆనుకునే ఒక పబ్బు ఉంది, కవనాస్, 1833 నాటిది, గుంటలు తవ్వేవాళ్ళు వచ్చి కూర్చునేవారని అందరూ దాన్ని గ్రేవ్‌డిగ్గర్స్ అంటారు. లోపలికి పదండి మావయ్యగారూ అన్నా. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "శ్మశానంనుంచి వస్తూ స్నానం చెయ్యకుండా ఎక్కడికయ్యా? అదీ సారా కొట్లోకి?" వాన జోరైంది కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆయన వచ్చేవారు కాదు.

లోపల టీవీ లేదు, పాటల్లేవు. పాత చెక్క బల్లలు, మాటలు, అంతే. నాకూ ఆయనకీ ఆరెంజ్ డ్రింకు చెప్పా. ఆయన మాత్రం కౌంటర్ వైపే చూస్తున్నారు. గిన్నిస్ పోసేవాడు గ్లాసు ఏటవాలుగా పట్టుకుని ముప్పావు దాకా నింపి పక్కన పెట్టేసి వేరే పనిలో పడ్డాడు. గ్లాసులో బురద రంగు నురగ కదుల్తూ కదుల్తూ కిందనుంచి నల్లబడుతోంది, బుడగలేమో గ్లాసు అంచు వెంట కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయి, నిజానికి మధ్యలోంచి పైకి పోతూ అంచుల దగ్గర ద్రవం కిందికి లాగుతుందట. తేరుకున్నాక మళ్ళీ పైదాకా నింపాడు. రెండు నిమిషాలు పడుతుంది. అక్కడున్న ఒక్కడూ తొందర పెట్టలేదు. మావగారు, "మన ఫిల్టర్ కాఫీ డికాక్షన్ లాగే, తొందరపడితే చెడిపోతుంది కాబోలు" అన్నారు.

పక్క బల్లమీది పెద్దాయన పలకరించాడు. ముందు వాన గురించి, ఇక్కడ అన్నీ వానతోనే మొదలవుతాయి. ఏం పని చేసేవారు అంటే రైల్వే, యూనియన్ అని మావగారు తన ఇంగ్లీషులో చెప్పారు. అంతే, ఆ పెద్దాయన లేచెళ్ళి మా ఇద్దరికీ ఇంకో ఆరెంజ్ డ్రింకు తెచ్చిపెట్టాడు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, దీన్ని రౌండ్ అంటారు, మీకు ఒకరు కొంటే తర్వాతది మీరు కొనాలి, తాగేసి ఫోన్ చూసుకుంటూ లేచిపోతే పైకి ఏమీ అనరు గానీ మనసులో పెట్టుకుంటారు. మావగారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, "ఒకళ్ళ రుణం మనకెందుకు" అని పర్సు తీశారు.

తర్వాత మావగారు ఆ పెద్దాయన్ని అడిగిన మాట, "మా గిరిగారు ఇక్కడే కదా చదువుకున్నది?" వి.వి. గిరి. మన బరంపురం తెలుగాయన, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఇంతమంది ఉన్నారు, ఆయన డబ్లిన్‌లో లా చదివారని ముందే తెలిసిన వాళ్ళు చెయ్యెత్తండి... చూశారా. 1913లో వచ్చారండి. ఆ ఏడాదే ఇక్కడ యూనియన్‌లో చేరారన్న కోపంతో యజమానులు వేలమంది కార్మికుల్ని పనిలోకి రానివ్వకుండా గేట్లు మూసేశారు, ఆ పోరాటం నడిపిన జిమ్ లార్కిన్ విగ్రహం ఓకానెల్ స్ట్రీట్‌లో రెండు చేతులూ పైకెత్తి ఉంటుంది, మీరంతా దానికింద నిలబడి బస్సు టైము చూసుకుంటారు. దాని పక్కనే జీపీఓ, అంటే పెద్ద పోస్టాఫీసు. 1916 ఏప్రిల్ 24న బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు మొదలుపెడుతూ దాని నాయకుడు పియర్స్ ఐరిష్ రిపబ్లిక్ ప్రకటన చదివింది అక్కడే, స్తంభాలకి తూటా దెబ్బలు ఇప్పటికీ ఉన్నాయి, వేలు పెట్టి చూడొచ్చు. ఆ తిరుగుబాటు తర్వాత గిరిగారిని దేశం వదిలి పొమ్మన్నారు. ఇంటికొచ్చి ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకి సంఘం పెట్టారు. మా మావగారి యూనియన్ పిచ్చికి వేరు ఎక్కడుందో ఆ సాయంత్రం ఆ పెద్దాయనకి అరగంట చెప్పారు, ఆయనా విన్నాడు, మధ్యలో ఇంకో రౌండ్ కూడా అయింది.

టైమైపోయిందని చీటీ వచ్చింది, రెండు నిమిషాలమ్మా. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కుకి వెళ్ళండి, గిరిగారు చదివిన యూనివర్సిటీ కాలేజీ అప్పట్లో దాని పక్కనే. 1916 తిరుగుబాటులో ఆ పార్కులో కాల్పులు జరుగుతుంటే బాతులకి తిండి వెయ్యడానికి తోటమాలి వచ్చినప్పుడు రెండు వైపులా కాల్చడం ఆపేవారట. కిల్‌మైన్‌హామ్ జైలుకి టికెట్లు ముందే అయిపోతాయి, అది కూడా ఇప్పుడే చూసుకోండి, ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జేమ్స్ కానొలీ గాయాలతో నిలబడలేని స్థితిలో ఉంటే ఆయన్ని కుర్చీకి కట్టి కాల్చింది ఆ జైలు ఆవరణలోనే.

మందు అలవాటు లేనివాళ్ళు మొహమాటపడకండి, మందు మానేస్తామని ఒట్టు పెట్టుకున్న సంఘాలున్న దేశం ఇది, మాన్పించిన ఫాదర్ మాథ్యూకి అదే ఓకానెల్ స్ట్రీట్‌లో విగ్రహం ఉంది. పిల్లలున్న వాళ్ళు రాత్రి తొమ్మిదిలోపు పిల్లల్ని కూడా పబ్బుకి తీసుకెళ్ళొచ్చు.

కమిటీ వాళ్ళకి ఒక్క మాట. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి షాపింగ్ మాల్ చూపించడానికి బస్సు పెడుతున్నారు కదా, ఆ బస్సు వచ్చే ఏడు జీపీఓ ముందు ఆపండి, గిరిగారి గురించి చెప్పడానికి నేను వస్తా, డబ్బులేం అక్కర్లేదు. అప్పటిదాకా ఆగలేనివాళ్ళు ఈ ఆదివారం పదిన్నరకి లార్కిన్ విగ్రహం దగ్గరికి రండి. గొడుగులు తేకండి, ఇక్కడి గాలికి తిరగబడిపోతాయి, టోపీ ఉన్న జాకెట్ వేసుకోండి. నడక అయ్యాక గ్లాస్నెవిన్ వెళ్దాం, మొదటి రౌండ్ నాది.