నీళ్ల మధ్య నీళ్ల లెక్క

అందరికీ నమస్కారం. అనంతపురంలో తెరచాప పడవల గురించి చెప్పడమేంటని కొందరు నవ్వుకుంటున్నారేమో. నిజానికి ఈ సంగతి ఇక్కడివాళ్లకే తొందరగా అర్థమవుతుంది. దూరపు దీవి పక్కన లంగరేసుకుని వారాల తరబడి పడవలో ఉండేవాళ్లకు గాలికన్నా, తెరచాపలకన్నా ఎక్కువగా పట్టేది మంచినీళ్ల గొడవే.

ముందు లంగరు. అది పట్టకపోతే మిగతా కాపురం మాటే లేదు. అండమాన్‌లో ఒక దీవి దగ్గర, పాటు సమయంలో లోతు 8 మీటర్లు ఉందనుకోండి. పోటుకు 2 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపితే 11. దానికి ఐదింతలు, అంటే 55 మీటర్ల గొలుసు వదలాలి. పెనుగాలి వస్తుందంటే ఏడింతలు. నేలబారుగా లాగితేనే లంగరు ఇసుకలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడివస్తుంది. తర్వాత ఇంజన్ రివర్స్‌లో వేసి మెల్లగా పెంచుతూ, ఒడ్డున ఒకదాని వెనక ఒకటున్న రెండు చెట్లను చూస్తుండాలి. వాటి వరస చెదరకపోతే పట్టినట్టు. నీళ్లలో దిగి చూస్తే ఇంకా మేలు. కానీ మడ అడవుల కాలవల దగ్గర దిగకండి, అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి.

గాలి తిరిగితే గొలుసు పగడపు బండకు చుట్టుకుంటుంది. 55 మీటర్లు వదిలినా పనికొచ్చేది పదే. అల లేచినప్పుడల్లా తటాలున గుంజి విండ్‌లాస్‌నే, అంటే పడవ ముక్కు మీద గొలుసును చుట్టి లాగే యంత్రాన్నే, పెరికేస్తుంది. అందుకే గొలుసుకు అక్కడక్కడ ఫ్లోట్లు కట్టి నేల నుంచి పైకి లేపుతారు. పైకొసన ఎనిమిది, పది మీటర్ల నైలాన్ తాడు తగిలిస్తే, ఆ సాగుడు కుదుపును మింగేస్తుంది.

ఇక నీళ్లు. నలభై అడుగుల పడవలో ట్యాంకు సుమారు 400 లీటర్లు. మనిషికి రోజుకు పది లీటర్లతో సర్దుకుంటే ఇద్దరికి ఇరవై రోజులు. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, చివర్లో ఒక్క చెంబు మంచినీళ్లు. స్నానమూ అంతే. అన్నానికి మూడో వంతు సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పు వేరే వేయనక్కర్లేదు.

వాన పట్టుకోవచ్చు కదా అంటారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎనిమిది చదరపు మీటర్ల పందిరి గుడ్డ మీద 20 మిల్లీమీటర్లు పడితే 160 లీటర్లు, గాలికి పోయేది పోగా సగం దక్కినా గొప్పే. మొదటి నీళ్లు గుడ్డ మీది ఉప్పును కడగడానికే సరి. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లయితే అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) 3,000. కానీ పడవలు అక్కడికి వెళ్లేది ఫిబ్రవరి, మార్చిల్లో, సరిగ్గా చినుకు లేనప్పుడు!

అందుకే వాటర్‌మేకర్, అంటే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం. మీ ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు లాంటిదే, కాకపోతే ఒత్తిడి చాలా ఎక్కువ. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లు మెంబ్రేన్, అంటే ఉప్పును ఆపేసే సన్నని పొర, దాటాలంటే ముందు ఉప్పు వల్ల నీళ్లను వెనక్కి లాగే 27 బార్ల ఆస్మాటిక్ ఒత్తిడిని గెలవాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), అందుకని పంపు 55 బార్ల దాకా నెడుతుంది. 12 వోల్టుల చిన్న యంత్రం పది ఆంపియర్లు లాగి గంటకు 30 లీటర్లిస్తుంది. 400 వాట్ల సోలార్ ప్యానెళ్లుంటే ఇది భారం కాదు, ఫ్రిజ్జే ఎక్కువ తింటుంది.

చెడేది ఎక్కడంటే మెంబ్రేన్ దగ్గర. రేవులో నూనె తెట్టు ఉన్న నీళ్లు తగిలితే అది పోయినట్టే. వాడకుండా నాలుగైదు రోజులు వదిలేస్తే లోపల సూక్ష్మజీవులు పెరిగి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. కాబట్టి వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. ఆ నీళ్లు కుళాయివైతే అందులోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, మధ్యలో బొగ్గు ఫిల్టర్ ఉండి తీరాలి. వారాల తరబడి ఆపేస్తే సూక్ష్మజీవులు పెరగకుండా సోడియం మెటాబైసల్ఫైట్ అనే మందు ద్రావణం నింపి ఉంచాలి.

మిషన్ మీద భరోసాతో ట్యాంకును అడుగంటనివ్వడం నా దృష్టిలో తెలివితక్కువ పని. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు నింపి, ట్యాంకుతో సంబంధం లేకుండా విడిగా కట్టి ఉంచాలి. ఎందుకంటే రాత్రి ఏదో ఒక పైపు జాయింటు వదులైతే, ప్రెషర్ పంపు ట్యాంకు నీళ్లన్నీ పడవ అడుగుకు తోస్తుంది, అక్కడి ఆటోమేటిక్ పంపు వాటిని బుద్ధిగా సముద్రంలో పోస్తుంది. పడుకునే ముందు ప్రెషర్ పంపు స్విచ్ ఆపేయండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.