బిల్డ్ ఫెయిలైంది సరే, ఎవరి బిల్డ్?

అందరికీ నమస్కారం.

కోడ్ ఒక్కసారి రాస్తే చాలు, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుందని చెప్పి మనల్ని ఈ క్రాస్ ప్లాట్‌ఫామ్ దారిలోకి దింపారు. అందులో అబద్ధమేమీ లేదు. కోడ్ నిజంగానే ఒక్కటి. బిల్డ్, అంటే ఆ కోడ్‌ను ఫోన్‌లో నడిచే యాప్‌గా కట్టే పని, మాత్రం ఒక్కటి కాదు, ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. ఫ్లట్టర్‌లో (డార్ట్ భాషలో) రాసినా రియాక్ట్ నేటివ్‌లో (జావాస్క్రిప్ట్‌లో) రాసినా, ఆండ్రాయిడ్ యాప్‌ను ఆఖరికి కట్టేది గ్రేడిల్. ఐఓఎస్ యాప్‌ను కట్టేది ఎక్స్‌కోడ్. మీ డార్ట్ కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా వాటికి పట్టదు. వాటి పట్టింపులు వేరు: జావా వెర్షన్, కాట్లిన్ వెర్షన్, పాడ్‌ల (ఐఓఎస్ లైబ్రరీల) జాబితా, సర్టిఫికెట్లు.

అందుకే తెర మీద ఎర్ర అక్షరాలు కనబడగానే వాటిని సెర్చ్‌లో వేసి, పైన వచ్చిన సలహాను అతికించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోమంటాను. ఈ ఎర్రర్ ఎవరిది? మన కంపైలర్‌దా, ప్యాకేజీలు తెచ్చే పబ్‌దా, ఎన్‌పీఎమ్‌దా? ఏదో ప్లగిన్ (మనం తెచ్చి కలుపుకున్న వేరేవాళ్ల కోడ్) కడుపులో ఉన్న కాట్లిన్ కోడ్‌దా? గ్రేడిల్‌దా? యాప్ మనదేనని చూపే డిజిటల్ సంతకం (సైనింగ్) దగ్గర ఆగిందా, లేక అన్నీ దాటి స్టోర్ గుమ్మం దగ్గర ఆగిందా? ఇది తేలితే చూడాల్సిన ఫైళ్లు రెండో మూడో మిగులుతాయి.

ఎలా తేల్చాలి? లాగ్ చదవాలి, అంటే బిల్డ్ నడుస్తూ తెర మీద రాసుకుంటూ పోయే వాక్యాలు. చదవడంలోనే చాలామంది తడబడతారు. ఫ్లట్టర్ బిల్డ్ పోయినప్పుడు అన్నిటికన్నా కింద కనిపించే వాక్యం, ‘గ్రేడిల్ టాస్క్ అసెంబుల్ డీబగ్ ఫెయిల్డ్ విత్ ఎగ్జిట్ కోడ్ 1’. మన కళ్లు నేరుగా దాని మీదే పడతాయి. దాన్నే కాపీ చేసి సహోద్యోగికి పంపుతాం. అందులో సమాచారం సున్నా. గ్రేడిల్ పని చెడిందని ఫ్లట్టర్ మనకు కబురు చెబుతోంది, అంతే. పైకి వెళ్లి ‘వాట్ వెంట్ రాంగ్’ అన్న చోటు పట్టుకోండి. దాని కింద బాణం గుర్తులతో లోపలికి జరుగుతూ పోయే వాక్యాల్లో అన్నిటికన్నా లోపలిది చదవండి. అక్కడా అర్థం కాకపోతే ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి గ్రేడిల్‌నే నేరుగా, ఎర్రర్ ఏ దారిలో వచ్చిందో చూపే స్టాక్‌ట్రేస్ ఆప్షన్‌తో నడపండి. ‘కాజ్డ్ బై’ అనే వరుస ఒకటి వస్తుంది. అందులో అసలు కారణం చివరి దాంట్లో ఉంటుంది.

ఎక్స్‌కోడ్ దగ్గర దీనికి తలకిందులు. అక్కడ కంపైలర్ ఒక హెడర్ ఫైలు దొరకక ఆగితే, దాని వెంట బోలెడు ఎర్రర్లు వరసగా రాలతాయి. అవన్నీ మొదటి దాని పిల్లలు. మొదటిది సరిచేస్తే మిగతావి ఎక్కువ భాగం వాటంతటవే పోతాయి. కాబట్టి జావా ‘కాజ్డ్ బై’ గొలుసులో ఆఖరిది, కంపైలర్ వరసలో మొదటిది. టెర్మినల్‌లో ఏమీ అంతు చిక్కనప్పుడు ప్రాజెక్ట్‌ను ఎక్స్‌కోడ్‌లోనే తెరిచి బిల్డ్ కొట్టండి. తెరిచేటప్పుడు వర్క్‌స్పేస్ ఫైలునే తెరవాలి, ప్రాజెక్ట్ ఫైలును కాదు. పాడ్‌లు వర్క్‌స్పేస్‌లో ఉంటాయి. ప్రాజెక్ట్ ఫైలు తెరిచి ‘నో సచ్ మాడ్యూల్’ అని గంటలు గంటలు తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక వెర్షన్ల సంగతి. ఆండ్రాయిడ్ వైపు జావా, గ్రేడిల్, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్, కాట్లిన్ ఈ నలుగురికీ ఒకరితో ఒకరికి పొసగాలి. ఒకరు ముందుకు జరిగితే మిగతావాళ్లు కూడా జరగాల్సి వస్తుంది. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65’ అన్న ఎర్రర్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ అంకెలోంచి 44 తీసేయండి, జావా వెర్షన్ వస్తుంది. 65 అంటే జావా 21. 61 అంటే జావా 17. 55 అంటే జావా 11. అంటే గ్రేడిల్ ఇక్కడ చెబుతున్నది ఇది: నన్ను జావా 21 మీద నడుపుతున్నారు, నేను అంత కొత్తదాన్ని కాను. గ్రేడిల్ జావా 21 మీద నడవాలంటే 8.5 లేదా ఆ పైది కావాలి.

మరి నిన్నటిదాకా నడిచింది, కోడ్‌లో అక్షరం మార్చలేదు కదా అంటారు. నిజమే, మీరు మార్చలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో అప్‌డేట్ అయింది. లేడీబగ్ వెర్షన్‌తో స్టూడియో తన వెంట తెచ్చుకునే జావా 17 నుంచి 21కి మారింది. ఫ్లట్టర్ మామూలుగా స్టూడియోలో ఉన్న జావానే వాడుకుంటుంది. పాత గ్రేడిల్ ఉన్న ప్రాజెక్టులన్నీ అక్కడ కూలబడ్డాయి. గ్రేడిల్ వ్రాపర్‌లో (ప్రాజెక్ట్ ఏ గ్రేడిల్ వాడాలో చెప్పే చోట) వెర్షన్ పెంచడం సరైన మందు. ఇప్పటికిప్పుడు పెంచలేని ప్రాజెక్ట్ అయితే ఫ్లట్టర్ కాన్ఫిగ్‌లో జావా 17 ఎక్కడుందో చూపించి నడిపించుకోవచ్చు.

ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 ఇలాంటి మరో మలుపు. దానికి జావా 17 తప్పనిసరి. పైగా ప్రతి మాడ్యూల్ తన నేమ్‌స్పేస్‌ను (తన కోడ్ ప్యాకేజీ పేరును) బిల్డ్ ఫైలులోనే చెప్పుకోవాలి, మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైలులో) ప్యాకేజీ పేరు రాస్తే కుదరదు. మన యాప్ వరకు అది ఒక్క లైను పని. కానీ రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్లగిన్ ఒకటి మన జాబితాలో ఉంటే ‘నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్’ అని బిల్డ్ ఆగుతుంది. ఆ ఎర్రర్‌లో ప్లగిన్ పేరు కూడా ఉంటుంది, చూడండి. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. పబ్ తెచ్చిన ప్యాకేజీలు ఉండే క్యాష్ ఫోల్డర్‌లోకి దూరి ఆ ప్లగిన్ ఫైలును అక్కడికక్కడే దిద్దేయడం. మీ మెషీన్‌లో పని అయిపోతుంది. పక్క సీటులో ఉన్నవాళ్ల దగ్గర, బిల్డ్ సర్వర్ దగ్గర అదే ఎర్రర్ అలాగే ఉంటుంది, మీరేమో ‘నా దగ్గర బాగానే ఉందే’ అంటారు. కొత్త వెర్షన్ ఉంటే తెచ్చుకోండి. లేకపోతే ఫోర్క్ చేసి (సొంత నకలు తీసుకుని) మీ రిపాజిటరీ నుంచి వాడండి. అసలు ఆ ప్లగిన్ అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. నా లెక్కలో ముప్ఫై లైన్లలో మనమే రాసుకోగలిగే పనికి ప్లగిన్ తెచ్చుకోవడం అప్పు చేసినట్టే, వడ్డీ బిల్డ్ రోజున కట్టాలి.

సరే, అందరికీ ఇష్టమైన విషయానికి వద్దాం. క్లీన్, అంటే పాత బిల్డ్ ఫైళ్లు తుడిచేయడం. ఏ ఎర్రర్ వచ్చినా ఫ్లట్టర్ క్లీన్, నోడ్ మాడ్యూల్స్ (ఎన్‌పీఎమ్ తెచ్చిన ప్యాకేజీల ఫోల్డర్) తీసేయ్, పాడ్స్ తీసేయ్, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. ఇది పని చేసే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. బ్రాంచ్ మారినప్పుడు, ప్రాజెక్ట్ ఫోల్డర్ చోటు మారినప్పుడు, నేటివ్ డిపెండెన్సీ మారినా పాత ఫైలు బిల్డ్ ఫోల్డర్‌లో మిగిలిపోయినప్పుడు. కానీ వెర్షన్లు పొసగని గొడవను క్లీన్ ఏమీ చేయలేదు. క్లీన్ చేసే ముందు లాగ్‌ను ఒక ఫైలులో దాచుకోండి, లేకపోతే ఉన్న ఆధారం కూడా పోతుంది.

అంతకన్నా ముఖ్యం, ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఖరారుగా రాసి ఉంచే లాక్ ఫైళ్ల జోలికి పోవద్దు. పబ్‌స్పెక్ లాక్, పాడ్‌ఫైల్ లాక్, ప్యాకేజ్ లాక్ వీటిని తీసేస్తే తర్వాతి ఇన్‌స్టాల్‌లో ప్యాకేజీలు కొత్త వెర్షన్లకు జరిగిపోతాయి. ఒక ఎర్రర్‌తో మొదలుపెట్టి మూడింటితో తేలతారు, ఏ వెర్షన్ ఎందుకు మారిందో చెప్పేవాళ్లుండరు. నోడ్ మాడ్యూల్స్ పోతే పోనివ్వండి, లాక్ ఫైలు ఉంటే అది మళ్లీ అచ్చంగా అలాగే వస్తుంది. బిల్డ్ సర్వర్‌లో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు లాక్ ఫైలులో ఉన్నదే తెచ్చే ఎన్‌పీఎమ్ సీఐ వాడమనేది ఇందుకే. సర్వర్ అన్నాను కాబట్టి మరొకటి. మ్యాక్‌లో ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇంపోర్ట్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా మీ దగ్గర బిల్డ్ అవుతుంది, సర్వర్‌లో ‘ఫైలు లేదు’ అంటుంది.

ఇప్పటిదాకా చెప్పినవి నయం. బిల్డ్ ఆగిపోతే కనీసం తెలుస్తుంది. డీబగ్‌లో (మనం పని చేసుకునే బిల్డ్‌లో) చక్కగా నడిచి రిలీజ్‌లో (జనానికి ఇచ్చే బిల్డ్‌లో) మూగబోయే యాప్‌లు ఉన్నాయే, అవి అసలు పరీక్ష.

ఫ్లట్టర్‌లో కొత్త ప్రాజెక్ట్ తెరవండి. ఇంటర్నెట్ పర్మిషన్ డీబగ్ మ్యానిఫెస్ట్‌లోనూ ప్రొఫైల్ (వేగం కొలుచుకునే బిల్డ్) మ్యానిఫెస్ట్‌లోనూ ఉంటుంది, మెయిన్‌లో ఉండదు. డీబగ్ టూల్స్ ఫోన్‌తో మాట్లాడాలి కాబట్టి అక్కడ పెట్టారు. మీరు నెలల తరబడి డీబగ్‌లో పని చేస్తారు, సర్వర్ నుంచి డేటా వస్తూనే ఉంటుంది. రిలీజ్ ఏపీకే (ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్ ఫైలు) ఇచ్చిన రోజు ఒక్క రిక్వెస్ట్ కూడా బయటికి వెళ్లదు. చాలామంది సర్వర్ టీమ్‌ను తిట్టడం మొదలుపెడతారు. మెయిన్ మ్యానిఫెస్ట్‌లో ఒక్క లైను చేరిస్తే పోయే విషయం.

రిలీజ్‌లో ఆర్8 అనే టూల్ వాడని కోడ్‌ను కత్తిరిస్తుంది, క్లాసుల పేర్లను కురచ చేస్తుంది. ఏదైనా నేటివ్ లైబ్రరీ రన్ టైమ్‌లో క్లాసును పేరుతో వెతుక్కుంటే, ఆ పేరు ఇప్పుడు లేదు. క్రాష్ అవుతుంది, లేదా జేసన్ (సర్వర్ పంపే డేటా రూపం)లోని ఫీల్డులన్నీ ఖాళీగా వస్తాయి. ఇది ఆర్8 పనేనా అని తేల్చడానికి రిలీజ్‌లో మినిఫై ఒక్కసారి ఆపి చూడండి. నడిస్తే దొంగ దొరికినట్టే. అలాగని దాన్ని ఆపేసి స్టోర్‌కు పంపకండి, ఆ క్లాసులను మాత్రం ముట్టుకోవద్దని కీప్ రూల్ రాయండి. ఆ బిల్డ్ మ్యాపింగ్ ఫైలు (ఏ పేరు ఏ పేరుగా మారిందో చెప్పే జాబితా) దాచుకోండి, అది లేకుండా క్రాష్ రిపోర్ట్‌లో కనిపించే ఒంటి అక్షరాల పేర్లు ఎవరివో తేల్చుకోలేరు.

గూగుల్ సైన్ ఇన్ అయితే డీబగ్‌లోనూ పని చేస్తుంది, మీరు చేతితో ఇన్‌స్టాల్ చేసిన రిలీజ్‌లోనూ పని చేస్తుంది, ప్లే స్టోర్ నుంచి దించుకుంటే మాత్రం ఎర్రర్ కోడ్ 10 ఇస్తుంది. ఎందుకంటే ప్లే యాప్ సైనింగ్‌లో మీరు అప్‌లోడ్ కీతో సంతకం చేసి పంపుతారు, వినియోగదారుడికి చేరేముందు గూగుల్ మరో కీతో సంతకం చేస్తుంది. ఆ రెండో కీ షా 1 ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే గుర్తు) ప్లే కన్సోల్‌లో ఉంటుంది. డీబగ్, అప్‌లోడ్, యాప్ సైనింగ్, ఈ మూడు ఫింగర్‌ప్రింట్లూ గూగుల్ వారి ఫైర్‌బేస్ సర్వీసులో నమోదు కావాలి.

ఐఓఎస్ వైపు ఒక చిన్న విచిత్రం. ఫ్లట్టర్ డీబగ్ బిల్డ్‌ను క్లయింట్ ఐఫోన్‌లో ఎక్కించి, కేబుల్ తీసేసి ఇస్తారు. ఐఓఎస్ 14 నుంచి ఆ బిల్డ్ హోమ్ స్క్రీన్ మీద నొక్కితే తెరుచుకోదు. యాప్‌లో లోపమేమీ లేదు. ప్రొఫైల్ లేదా రిలీజ్ మోడ్‌లో కట్టి ఇవ్వాలి. కెమెరా వాడుతూ ఎందుకు వాడుతున్నారో ఇన్ఫో ప్లిస్ట్‌లో (ఐఓఎస్ యాప్ వివరాల ఫైలులో) రాయకపోతే, కెమెరా తెరిచిన క్షణంలో సిస్టమే యాప్‌ను మూసేస్తుంది. దీన్ని మన కోడ్‌లో ట్రై క్యాచ్ పెట్టి పట్టుకోలేం.

సైనింగ్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ. ఆపిల్ దగ్గర మూడు ముక్కలు: మీరెవరో చెప్పే సర్టిఫికెట్, యాప్ ఏదో చెప్పే బండిల్ ఐడీ, ఈ రెండింటినీ, టెస్టింగ్ అయితే ఫోన్ల జాబితాను కూడా కలిపి కట్టే ప్రొవిజనింగ్ ప్రొఫైల్. ఎర్రర్ ఏదైనా ఈ మూడింటిలో ఏది ఏదితో కలవలేదో చూడడమే. ఎక్కువగా తప్పేది ప్రైవేట్ కీ దగ్గర. సర్టిఫికెట్ ఆపిల్ సైట్ నుంచి ఏ మ్యాక్‌లోకైనా దించుకోవచ్చు, కీ మాత్రం సర్టిఫికెట్ రిక్వెస్ట్ పుట్టిన మ్యాక్ కీచైన్‌లోనే ఉంటుంది. అక్కడి నుంచి పీ12 ఫైలుగా ఎగుమతి చేసి తెస్తే తప్ప రెండో మ్యాక్‌లో సంతకం పడదు.

స్టోర్ దగ్గర ఆగే కారణాలు ఎక్కువగా నిబంధనలే. గూగుల్ ప్లేలో 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ఏపీకే బదులు యాప్ బండిల్ కావాలి. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ కనీసం ఏపీఐ 35ను (ఆండ్రాయిడ్ 15) టార్గెట్ చేయాలి. ఆపిల్ 2024 మే 1 నుంచి ప్రైవసీ మ్యానిఫెస్ట్ (యాప్ ఏ డేటా ఎందుకు వాడుతుందో చెప్పే ఫైలు) అడుగుతోంది. ఇవి క్యాలెండర్‌లో రాసుకునే విషయాలు, డీబగ్ చేసేవి కావు.

క్రాస్ ప్లాట్‌ఫామ్ వాళ్లను ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతున్నది 16 కేబీ పేజ్ సైజు, అంటే ఫోన్ మెమరీని పంచుకునే ముక్క కొలత 4 కేబీ నుంచి 16 కేబీకి పెరగడం. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌లకు 2025 నవంబర్ 1ని ప్లే గడువుగా పెట్టింది. డార్ట్‌లో, జావాస్క్రిప్ట్‌లో రాసిన మన కోడ్‌కు దీంతో సంబంధం లేదు. చిక్కంతా ప్లగిన్‌లు వెంట తెచ్చే ఎస్‌ఓ ఫైళ్లది (ముందే కట్టి ఉంచిన నేటివ్ లైబ్రరీలు). ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌కు వెళ్లినా, ఒక పాత పీడీఎఫ్ లేదా డేటాబేస్ ప్లగిన్‌లో 4 కేబీకి కట్టిన లైబ్రరీ మిగిలిపోతే బండిల్ మొత్తం తిరిగొస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఏపీకే ఎనలైజర్‌తో తెరిస్తే ఏ ఫైలో కనబడుతుంది. మీరే కట్టే సీ కోడ్ ఉంటే ఎన్‌డీకే (ఆండ్రాయిడ్‌కు సీ కోడ్ కట్టే టూల్స్) ఆర్28 మామూలుగానే 16 కేబీకి సరిపెట్టి ఇస్తుంది.

కీల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఆపిల్ డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరినా, పోయినా కంగారు పడక్కర్లేదు. కొత్తది చేసుకోవచ్చు, మెంబర్‌షిప్ ఉన్నంతవరకు యాప్ స్టోర్‌లో ఉన్న యాప్‌కు ఏమీ కాదు. ప్లేలో అప్‌లోడ్ కీ పోయినా రీసెట్ అడగొచ్చు, మీరు ప్లే యాప్ సైనింగ్‌లో ఉంటే. అందులో చేరని పాత యాప్ కీస్టోర్ (సంతకం కీ ఉండే ఫైలు) పోతే మాత్రం ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ పంపలేరు, కొత్త ప్యాకేజీ పేరుతో మొదటి నుంచి రావాల్సిందే. మీ కంపెనీలో అలాంటి పాత యాప్ ఉందేమో, దాని కీస్టోర్ ఎవరి లాప్‌టాప్‌లో ఉందో ఈ వారంలోనే కనుక్కోండి.

ఇక మీ ప్రశ్నలు. లాగ్‌లు తెచ్చుకున్నవాళ్లు ముందు అడగండి.