పాలక మండలి జీవోలో పేరు ఎలా చేరుతుంది

సభకు నమస్కారం. ఈ సాయంత్రం పాలమూరులో ఇంతమంది అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఒక్కచోట కూర్చుని విశ్వవిద్యాలయ పాలక మండలి గురించి వినడానికి సిద్ధపడటం నాకు ధైర్యాన్నిస్తోంది. ఈ విషయం పేరు ఎత్తగానే అది సచివాలయంలో ఫైళ్ల మధ్య తేలే వ్యవహారమని, మనకు సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. డిగ్రీ మెమోలో తండ్రి పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి అమ్రాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, అచ్చంపేటలో ఒక బస్సు, జడ్చర్లలో ఒక బస్సు మారి, పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్న బండమీదిపల్లి దగ్గర దిగే ఆడపిల్లను నేను చూశాను. ఆ పిల్ల ఎంత రుసుము కట్టాలి, ఆమె చదివే కళాశాలకు గుర్తింపు కొనసాగాలా వద్దా, ఆమెకు పాఠం చెప్పే పోస్టు భర్తీ అవుతుందా అనే ప్రశ్నలన్నీ చివరికి చేరేది పాలక మండలి బల్ల మీదికే. అందుకే ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో, వారిని ఎవరు కూర్చోబెడతారో తెలుసుకోవడం మన పని.

మన పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో, నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడ్డాయి. రెండు చోట్లా అంతకుముందు ఉస్మానియా వారి పీజీ కేంద్రాలు ఉండేవి. ఈ రెండు విశ్వవిద్యాలయాలూ నడిచేది 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద. రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణ ఆ చట్టాన్నే తన పేరుతో స్వీకరించింది. చట్టంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అని ఉన్నదాన్నే మనం పాలక మండలి అంటున్నాం. కార్యాలయాల్లో ఈసీ అంటారు. దీనికి అధ్యక్షత వహించేది ఉపకులపతి. సభ్యుల్లో రెండు రకాల వారు ఉంటారు. ఉన్నత విద్యాశాఖ, ఆర్థిక శాఖల కార్యదర్శులు, కళాశాల విద్యా కమిషనర్ వంటివారు తమ పదవి కారణంగానే సభ్యులవుతారు. వీరిని ఎక్స్ అఫీషియో సభ్యులు అంటారు. మిగిలినవారిని రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. విశ్వవిద్యాలయ ఆచార్యులు, అధ్యాపకులు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు, సమాజంలో వివిధ రంగాల్లో పేరు పొందినవారు ఈ రెండో వరుసలోకి వస్తారు. ఉన్నత విద్యాశాఖ ఒక జీవో ఇస్తుంది, అందులో పేర్లు ఉంటాయి, అంతటితో నియామకం పూర్తయినట్టే.

ప్రభుత్వం నామినేట్ చేయడమే తప్పు అని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. నామినేట్ చేయాలా, ఎన్నుకోవాలా అనే ఈ తగాదా చాలా పాతది. 1857లో ఏర్పడిన మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయాల సెనేట్లను, అంటే వాటిని నడిపే సభలను, సరిచేస్తామంటూ వైస్రాయి కర్జన్ హయాంలో 1904లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం సెనేట్‌లో ఫెలోలు, అంటే సభ్యులు, 50కి తగ్గకుండా, 100కు మించకుండా ఉండాలి. ఈ మూడు విశ్వవిద్యాలయాల్లో ఎన్నికయ్యేవారు మాత్రం 20 మందే. గోపాలకృష్ణ గోఖలే ఆ చట్టాన్ని ఇంపీరియల్ శాసన మండలిలో గట్టిగా వ్యతిరేకించారు. మన హైదరాబాద్ రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిజాం ఫర్మానాతో ఏర్పడింది కాబట్టి అక్కడ ఎన్నికల ప్రస్తావనే లేదు. తరువాతి కాలంలో సెనేట్, సిండికేట్ ఉన్న రోజుల్లో ఎన్నికై వచ్చేవారికీ కొంత చోటు ఉండేది. ఆ పద్ధతిలో ముఠాలు కట్టారు, అధ్యాపకులు తరగతులు వదిలి ఓట్ల వెంట తిరిగారు అనే విమర్శ ఊరికే పుట్టింది కాదు. 1991 చట్టం సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ను తెచ్చి, నామినేషన్ దారినే ఎంచుకుంది. కాని ఎన్నికల్లో ఎంత గొడవ ఉన్నా, ఫలానావారు పోటీ చేస్తున్నారని పదిమందికీ ముందే తెలిసేది. నామినేషన్‌లో గొడవ పోయింది, దానితోపాటు ఆ తెలియడం కూడా పోయింది.

నేను ఈ మాట ఎందుకు అంటున్నానో నా అనుభవంతో చెబుతాను. అనుబంధ కళాశాలల తరఫున ఒక విశ్వవిద్యాలయ పాలక మండలిలో నేను కొంతకాలం సభ్యుడిగా ఉన్నాను. అది ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నేను సభ్యుడినైన సంగతి నాకు మొదట తెలిసింది సాటి అధ్యాపకుడు ఫోనుకు పంపిన జీవో ప్రతి వల్ల. అంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదు. బయోడేటా కోరలేదు, సమ్మతి పత్రం తీసుకోలేదు. నా పేరు ఎవరు రాశారో, నాకంటే తగినవారి పేర్లు ఎన్నింటిని పక్కన పెట్టి రాశారో నాకు నేటికీ తెలియదు. అభినందనలు చెప్పడానికి వచ్చినవారిలో చాలామంది మెల్లగా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరి ద్వారా వచ్చింది సార్? పద్ధతి కంటికి కనిపించకపోతే ఎంత అర్హత ఉన్నా మనిషి మీద ఆ ప్రశ్న ఉండనే ఉంటుంది. సభ్యుడికి కూడా అది మంచిది కాదు. తన పేరు ఏ యోగ్యతను చూసి రాశారో తెలియనివాడు, మండలిలో ఎవరి మాటకు అడ్డు చెబితే ఏమవుతుందో అని లోలోపల లెక్కలు వేసుకుంటూనే ఉంటాడు.

సమావేశాల గురించి కూడా చెప్పాలి. మా సమావేశాలు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కంటే హైదరాబాద్‌లోనే ఎక్కువగా జరిగాయి, అధికారులకు అదే వీలు అని. ఆకుపచ్చ ట్యాగుతో కుట్టిన లావుపాటి అజెండా ముందు రోజు సాయంత్రానికి గాని చేతికి అందేది కాదు. సగం అంశాలు అప్పటికే అమలైపోయినవి, మండలి ధ్రువీకరించడమే మిగిలినవి. సమావేశం మధ్యలో మరికొన్ని కాగితాలు బల్ల మీదికి వచ్చేవి. వాటిని టేబుల్ అజెండా అంటారు. అలా వచ్చిన కాగితాల్లో ఒకసారి సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు, గడువు దాటినవారికి వేసే అపరాధ రుసుము ఉన్నాయి. గడువు అక్టోబరులో పెట్టారు. దేవరకొండ వైపు నా విద్యార్థుల్లో సగం ఇళ్లలో పత్తి డబ్బు చేతికి వచ్చేది నవంబరు తరువాతే, అప్పటిదాకా పిల్లలే సెలవు రోజుల్లో కూలికి పత్తి ఏరుతుంటారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు వస్తుందో కళాశాలలకే తెలియదు అని నేను చెప్పాను. గదిలో ఎవరూ కాదనలేదు. ఆ లెక్క వారి దాకా ఎన్నడూ రాలేదు, అంతే. అపరాధ రుసుము లేకుండా గడువు పొడిగించారు. అందుకు పట్టింది అయిదు నిమిషాలు. ఆ కుర్చీలో ఆ రోజు పత్తి చేను సంగతి తెలియనివారు ఉంటే ఆ అయిదు నిమిషాలూ ఉండేవి కావు.

ఇక్కడ నుంచి నేను చెప్పబోయేది కొంచెం చట్టం లోపలికి వెళ్లే విషయం, కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే అసలు ముడి ఇక్కడే ఉంది. పాలక మండలికి ఉన్న బాధ్యతల్లో మనం తక్కువగా మాట్లాడుకునేది ఉపకులపతి ఎంపికలో దానికి ఉన్న పాత్ర. ఉపకులపతి కోసం ముగ్గురి అన్వేషణ కమిటీ వేస్తారు. అందులో ఒకరు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రతినిధి, ఒకరు రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, మూడోవారు పాలక మండలి పంపిన ప్రతినిధి. ఈ కమిటీ సూచించిన పేర్లలో నుంచి కులపతి హోదాలో గవర్నర్ ఒకరిని మూడేళ్లకు నియమిస్తారు. ఈ అమరికలో విశ్వవిద్యాలయం తన తరఫున మాట్లాడే చోటు ఒక్కటే, అది పాలక మండలి పంపే ఆ ఒక్క మనిషి. మరి మండలిలో నామినేటెడ్ సభ్యుల స్థానాలు ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుంది? పదవి కారణంగా వచ్చిన అధికారులే మండలిగా మిగులుతారు. ఉపకులపతి పదవి కూడా ఖాళీ అయితే, ఇన్‌చార్జిగా వచ్చిన ఐఏఎస్ అధికారే ఆ మండలికి అధ్యక్షత వహిస్తారు. విశ్వవిద్యాలయ ప్రతినిధి పేరును నిర్ణయించేది అప్పుడు వారే. చట్టం మూడు చోట్ల నుంచి మూడు అభిప్రాయాలు రావాలని కోరింది. ఖాళీల వల్ల వాటిలో రెండు ఒకే భవనం నుంచి వస్తాయి. ఇందులో ఏ అధికారి దురుద్దేశమూ అక్కర్లేదు. కుర్చీలు ఖాళీగా ఉండటమే చాలు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. రాష్ట్రంలో అనేక విశ్వవిద్యాలయాలు 2019 నుంచి 2021 మే వరకు పూర్తికాలపు ఉపకులపతి లేకుండా, ఇన్‌చార్జి అధికారుల చేతుల్లో నడిచాయి. 2021 మేలో నియమితులైనవారి పదవీకాలం 2024 మేలో ముగిసింది. మూడేళ్ల గడువు ఎప్పుడు తీరుతుందో నియామకం రోజే తెలిసినా, కొత్తవారు వచ్చేసరికి అక్టోబరు అయింది. ఆ అయిదు నెలలూ మళ్లీ ఇన్‌చార్జి పాలనే. మండలి సక్రమంగా ఉంటే దాని మాటకు ఎంత బరువు ఉంటుందో కూడా మనం చూశాం. 2023లో నిజామాబాద్‌లోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్ నియామకం మీద ఉపకులపతికి, పాలక మండలికి మధ్య వివాదం నెలల తరబడి నడిచి రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. ఎవరిది ఒప్పు అనే వాదన పక్కన పెట్టినా, ఉపకులపతి నిర్ణయాన్ని ప్రశ్నించగల అధికారం పాలక మండలికి ఉందని చాలామంది విద్యార్థులకు తెలిసింది అప్పుడే.

రాబోయే మార్పులు ఈ మండలి ప్రాధాన్యాన్ని ఇంకా పెంచవచ్చు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో అన్వేషణ కమిటీకి కులపతి ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, విశ్వవిద్యాలయ అత్యున్నత మండలి ప్రతినిధి అనే ముగ్గురినే ప్రతిపాదించారు. రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి అందులో లేరు. మన రాష్ట్రంతో సహా పలు రాష్ట్రాలు దీన్ని వ్యతిరేకించాయి. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల అంశాల్లోకి, వెళ్లినప్పటి నుంచి ఇలాంటి పేచీలు వస్తూనే ఉన్నాయి. 2022లో గుజరాత్, కేరళ కేసుల్లో యూజీసీ నిబంధనలకు విరుద్ధంగా జరిగిన ఉపకులపతుల నియామకాలను సుప్రీంకోర్టు రద్దు చేసింది కూడా. కేంద్రం, రాష్ట్రం తమ తమ హక్కుల కోసం వాదించుకోవడం సహజం. అయితే ఆ వాదన ఎటు తేలినా పాలక మండలి ప్రతినిధి కుర్చీ మాత్రం కమిటీలో ఉంటుంది. కాబట్టి ఆ మండలి నిండుగా, నమ్మదగినదిగా ఉండాలని అడగడానికి మనం ఢిల్లీ, హైదరాబాద్ తగవు తీరేదాకా ఆగనక్కర్లేదు.

ఎక్కడ ఈ మాట ఎత్తినా, జిల్లాల్లో అంత స్థాయి ఉన్నవారు దొరకాలి కదా అనే జవాబు ఒకటి వస్తుంది. ఈ జవాబు నన్ను బాధపెడుతుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు అన్నప్పుడు, ఈ గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో అచ్చు వేసి చూపించారు. లేరన్నవారికి ఆయన ఇచ్చిన జవాబు ఒక జాబితా. మనమూ ఒక జాబితా రాయగలం. గద్వాలలో చేనేత సహకార సంఘాన్ని నడిపిన అనుభవం ఉన్నవారు, నారాయణపేట వైపు మూడు భాషల మధ్య పాఠం చెప్పిన ఉపాధ్యాయులు, నల్లగొండ ఫ్లోరైడ్ నీటి మీద దశాబ్దాలు పనిచేసిన వైద్యులు, నల్లమల అంచున చెంచు పిల్లల చదువు కోసం జీవితం పెట్టినవారు మన మధ్యే ఉన్నారు. పేరు పొందినవారు అని చట్టం అన్నప్పుడు ఆ పేరు రాజధానిలోనే వినిపించాలని ఎక్కడా రాయలేదు.

నేను కోరుతున్న మార్పుకు చట్ట సవరణ కూడా అవసరం లేదు. నామినేట్ చేసే అధికారం ప్రభుత్వానిదే, అలాగే ఉండనివ్వండి. ఖాళీ ఏర్పడటానికి మూడు నెలల ముందు ఫలానా కోవలో స్థానం ఖాళీ కాబోతోందని ఒక ప్రకటన వేయాలి. అర్హులు తామే ముందుకు రావచ్చు, ఇతరులు వారి పేరు సూచించవచ్చు. జీవోలో పేరు పక్కన, ఈ వ్యక్తిని ఈ కోవలో ఎందుకు తీసుకున్నామో రెండు వాక్యాలు రాయాలి. ఆ రెండు వాక్యాలు రాయాల్సి వస్తుందని తెలిస్తే చాలు, ఫైలు మీద పేరు పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. అనుబంధ కళాశాలల స్థానాలను జిల్లాల వారీగా తిప్పాలి. 2016లో, మళ్లీ 2019లో జిల్లాలు పెరిగిన తరువాత ఒక్క పాలమూరు విశ్వవిద్యాలయం కిందనే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ఉన్నాయి. వనపర్తి నుంచి ఒకసారి వస్తే, తరువాతి సారి గద్వాల నుంచి రావాలి. సమావేశాలు మాత్రం ప్రాంగణంలోనే జరగాలి; దీని మీద నాకు రెండో మాట లేదు. నిర్ణయం తీసుకునేవారు, ఆ నిర్ణయం కింద చదివే పిల్లలను కనీసం గేటు దగ్గరైనా చూడాలి.

ఇక మనం చేయగలిగింది ఒకటి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన మండళ్లు, కమిటీల వివరాలను, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిన నమోదులు, ప్రజలకు అందుబాటులో ఉంటాయా అనే సంగతిని తనంతట తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. హాలు వెనుక బల్ల మీద దరఖాస్తు నమూనాలు పెట్టాం. అందులో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి: పాలక మండలిలో ప్రస్తుతం ఎన్ని నామినేటెడ్ స్థానాలు ఖాళీగా ఉన్నాయి, అవి ఏ తేదీ నుంచి ఖాళీ, గడిచిన మూడేళ్లలో సమావేశాలు ఏ తేదీల్లో ఎక్కడ జరిగాయి, వాటి మినిట్స్ ఎక్కడ చూడవచ్చు. మీ పేరు, చిరునామా మీ చేతిరాతతో రాసి, పది రూపాయల రుసుము జతచేసి, వెళ్లేముందు మా వాళ్లకు ఇవ్వండి. సోమవారం ఉదయం పది గంటలకు మేము కొంతమందిమి వాటిని తీసుకుని బండమీదిపల్లి వెళుతున్నాం, మాతో రాదలచినవారు బస్టాండు దగ్గర తొమ్మిదిన్నరకు కలవవచ్చు.