26 కిలోల బియ్యం బస్తా, నా నడుము

(తెర మీద: అపార్ట్‌మెంట్ సెల్లార్. స్కూటీ పక్కన గోడకు ఆనించిన బియ్యం బస్తా.)

కిందటేడాది శ్రావణంలో ఒక శనివారం. కిరాణా కొట్టు కుర్రాడు బస్తా తెచ్చి, "అన్నా, లిఫ్ట్ బంద్ ఉంది, ఈడనే పెడుతున్న" అని సెల్లార్‌లో దించేసి వెళ్లిపోయాడు. మాది మూడో అంతస్తు. బస్తా 26 కిలోలు. 25 కిలోల వరకు ఉన్న ప్యాక్ బియ్యం మీద 2022 జులైలో జీఎస్టీ వేశాక మన దగ్గర బస్తాకు ఒక కిలో పెరిగింది కదా. జరిగినదానికి ఆ ఒక్క కిలోనే కారణమని ఇంట్లో చాలాసేపు వాదించాను.

వంగాను. రెండు చేతులూ చాచి బస్తా మూలలు పట్టుకున్నాను. ఒక్క ఊపులో లేపాను. నడుములో టక్కుమంది. సగం వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. మా ఏడేళ్ల పాప దగ్గరికొచ్చి, నేల మీదికి చూసి, "నాన్నా, ఏం పారేసుకున్నావు?" అని అడిగింది.

అప్పటికి నా పర్సులో ఏడాదికి డబ్బు కట్టిన జిమ్ కార్డు ఉంది.

(తెర మీద: పర్సులోంచి తీసిన కార్డు. పేరు కనిపించకుండా బొటనవేలు అడ్డం.)

నమస్తే. నాకు 41 ఏళ్లు. ఇల్లు హైదరాబాద్ కొత్తపేటలో, ఆఫీసు రాయదుర్గం వైపు. మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది. పొద్దున డబ్బాలు కట్టి, సాయంత్రం హోంవర్కు చేయించి, మధ్యలో ఉద్యోగం చేసే మనలాంటివాళ్లకు వ్యాయామం ఎక్కడ పడుతుంది? ఈ వీడియో దాని గురించే. నేను ట్రైనర్‌ని కాదు, డాక్టర్‌ని అసలే కాదు. నడుం పట్టేశాక నాలుగు పుస్తకాలు తిరగేసి, ఇంట్లో చేసి చూసుకున్న మనిషిని.

ముందు జిమ్ సంగతి. పొద్దున ఆరు నుంచి ఏడు అని పెట్టుకున్నాను. పదకొండు రోజులు వెళ్లాను. పన్నెండో రోజు పాపకు జ్వరం. అది తగ్గేలోపు మా మరదలి పెళ్లి. పెళ్లి నుంచి వచ్చేసరికి ఆఫీసులో రిలీజ్ వారం. అంతే, జిమ్ అక్కడితో ఆగిపోయింది. బద్ధకం అనుకుని చాలా రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. కాదు. అందరూ ఆరోగ్యంగా ఉండి, పనిమనిషి టైముకు వచ్చి, నీళ్ల మోటారు పనిచేసే రోజును చూసుకుని వేసిన ప్లాన్ అది. అలాంటి రోజులు మా ఇంట్లో నెలకు ఎన్ని వస్తాయో లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి.

ఇంకో మాట కూడా ఉంది, చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. నేను ట్రెడ్‌మిల్ మీద ఉన్న ఆ గంటలో ఇంట్లో ఏం జరిగేది? పాలు కాగేవి, ఇడ్లీ ఉడికేది, మూడు లంచ్ బాక్సులు నిండేవి, పాపకు రెండు జడలు పడేవి. 7.20కి స్కూల్ వ్యాన్ హారన్. నేను ఏడింటికి చెమటతో వచ్చి, ఫ్యాన్ కింద నిలబడి, వాచీలో క్యాలరీలు చూసుకునేవాణ్ణి. ఒక రోజు కుక్కర్ మూత పెడుతూ మా ఆవిడ అంది: "ఏమండీ, మీ గంట బాగానే ఉంది. నా గంట ఎక్కడుందో కాస్త వెతికి పెట్టండి."

నా దగ్గర జవాబు లేదు. నా గంట ఆమె గంటలోంచే కోసుకున్నది.

(తెర మీద: పెద్ద అంకె, 150.)

ఇప్పుడు అసలు లెక్క. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. అది కాక వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం.

వీటిలో 150 చాలామంది విన్నదే. విననిది ఇంకొకటుంది. అంతకుముందు, 2010 నాటి సూచనల్లో ఒక షరతు ఉండేది: ఒక్కోసారి కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందని. 2020లో ఆ షరతు తీసేశారు. మూడు నిమిషాలు చేసినా అది ఖాతాలో పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

మోస్తరు శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. ఫోన్‌లో హాయిగా కబుర్లు చెప్పుకుంటూ సాగే నడక షికారు కిందికి వస్తుంది. తప్పేం లేదు, కానీ ఈ 150లో కలపకండి.

రోజుకు పదివేల అడుగుల మాటా? అది పుట్టింది ఆసుపత్రిలో కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మింది. దాని పేరు మాన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుంది, నిలిచిపోయింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ మేలు 7,500 దగ్గర ఆగిపోయింది. కాబట్టి రాత్రి పదకొండింటికి మిగిలిన ఎనిమిది వందల అడుగుల కోసం హాల్లో చక్కర్లు కొడుతున్నవాళ్లు వెళ్లి పడుకోండి. నిద్ర అంతకంటే అవసరం.

(తెర మీద: అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు. పక్కన ఎస్కలేటర్ మీద క్యూ.)

నేను బైకు మానేసి మెట్రో పట్టాను. చైతన్యపురి స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కుతాను, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కు మారతాను, రాయదుర్గంలో దిగుతాను. అమీర్‌పేటలో పొద్దున తొమ్మిదింటికి ఎస్కలేటర్ దగ్గర జాతర. మెట్లు మాత్రం ఖాళీ. ల్యాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుని ఆ మెట్లు గబగబా ఎక్కితే పైన చేరేసరికి పాట కాదు, మాట కూడా రాదు. ఇంటి నుంచి స్టేషన్‌కు, ఈ మెట్లు, చివర స్టేషన్ నుంచి ఆఫీసుకు కలిపితే వేగంగా నడిచేది ఒక వైపు పదిహేను నిమిషాలు. రానూ పోనూ ముప్పై. ఐదు రోజులకు 150. జిమ్ కార్డు బయటికి తీయకుండానే వారం కోటా అయిపోయింది. ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు ఈ వరం లేదు. వాళ్లు మీటింగులు సెల్లార్‌లో నడుస్తూ వినాల్సిందే.

వర్షం పడితే? ఆఫీసు మెట్లు. పాపకు జ్వరమైతే? ఆ రోజు ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. లెక్క వారానిది కాబట్టి బుధవారం పోయినా గురువారం సిగ్గుపడకుండా మొదలుపెట్టవచ్చు.

నడకతో అంతా అయిపోయిందనుకుంటే మళ్లీ సెల్లార్‌లోనే వంగి ఉండిపోతాం. కేబీఆర్ పార్కు చుట్టూ ఏళ్ల తరబడి నడుస్తున్నవాళ్లు కూడా బస్తా ఎత్తమంటే వెనకాడతారు. ముప్పై, నలభై దాటాక వాడని కండ కరుగుతూ పోతుంది. నడక గుండెకు మంచిదే కానీ ఆ కండను పెద్దగా కాపాడదు. "ఇంటి పనంతా నేనే చేస్తాను, ఇంకా వ్యాయామం దేనికి?" అని మా అమ్మ అంటుంది. ఆయాసం వచ్చేలా ఇల్లు తుడిస్తే అది నిమిషాల ఖాతాలో పడుతుందమ్మా, కాదనను. కానీ చీపురు బరువు ఇరవై ఏళ్లుగా అంతే ఉంది. బరువు పెరగకపోతే బలమూ పెరగదు.

(తెర మీద: వంటింట్లో సగం నింపిన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్.)

లీటరు నీళ్లంటే కిలో బరువు. అంటే ఈ క్యాన్ మనకు నచ్చినట్టు బరువు మార్చుకోగల డంబెల్. ఐదు లీటర్లతో మొదలుపెట్టండి, వారానికో లీటరు కలపండి. క్యాన్ ఎలా ఎత్తాలో నిదానంగా చూపిస్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

మొదట క్యాన్ వద్దు. గోడకు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి నిలబడండి. రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు ఫ్రిజ్ తలుపును వెనక్కి ఎలా తోస్తాం? అలాగే పిరుదులను వెనక్కి నెట్టి గోడకు తాకించండి. మోకాళ్లు కాస్త వంగుతాయి, ఛాతీ ముందుకు వాలుతుంది. మడత పడాల్సింది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నారన్నమాట. ఇది పదిసార్లు సాఫీగా వచ్చాక క్యాన్‌ను రెండు పాదాల మధ్య పెట్టుకోండి. పాదాల ముందు కాదు, మధ్య. అదే మడతతో కిందికి వెళ్లి పట్టుకుని, పాదాలతో నేలను కిందికి తోస్తున్నట్టుగా లేవండి.

దూరం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుముకు అంత పని. దూరం రెట్టింపైతే ఆ బరువు నడుమును ముందుకు వంచే బలమూ రెట్టింపే. మా అమ్మమ్మ నిండు బిందెను ముందుకు చాచి పట్టుకుని నడవలేదు, నడుం మీదే పెట్టుకుని నడిచింది. నేను ఇంజనీరింగ్‌లో చదివి మర్చిపోయిన పాఠం ఆమె రోజుకు నాలుగుసార్లు చేసేది.

మిగతావి తేలిక. డైనింగ్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని లేవడం పదిసార్లు. వంటింటి గట్టు మీద చేతులు ఆనించి పుష్-అప్స్. కుక్కర్ మూడు విజిళ్లలోపు రెండు విడతలు అయిపోతాయి. ఆదివారం సరూర్‌నగర్ రైతుబజార్ నుంచి రెండు చేతుల్లో సమంగా బరువున్న సంచులతో నడిచి రావడం. ఏది చేసినా చివరి రెండుసార్లు కష్టం అనిపించాలి. నడుం నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా, ఛాతీలో పట్టేసినట్టున్నా వీడియో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తిండి గురించి కొంచెమే చెబుతాను. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో మన ఊరు వచ్చింది. వాళ్ల లెక్కలో పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులోనూ కాస్త అటూ ఇటుగా అంతే. అన్నం కొండలా పెట్టి పప్పు బొట్టులా వేసుకుంటే ఇది కుదరదు. నేను పొద్దున ఇడ్లీ రోజుల్లో రెండు మార్చి పెసరట్టు చేశాను. నాలుగింటి ఇరానీ చాయ్ మానలేదు, దానితో వచ్చే ఉస్మానియా బిస్కెట్లు నాలుగు నుంచి ఒకటికి తగ్గాయి. అన్నిటికంటే పెద్ద దొంగ దొరికింది మాత్రం ఇంట్లోనే: పాప కంచంలో మిగిలిన అన్నం. పారేయలేక నేను తినేసేవాణ్ణి, రోజూ, నా భోజనం అయ్యాక. ఇప్పుడు తనకు ముందు కొంచెమే పెడుతున్నాం, కావాలంటే అడుగుతుంది.

రాత్రి భోజనం కాగానే పదిహేను నిమిషాలు ముగ్గురం సెల్లార్‌లో నడుస్తాం. తిన్న వెంటనే కదిలితే రక్తంలోకి చేరుతున్న చక్కెరను కాలి కండరాలు లాక్కుని వాడేసుకుంటాయి. పాపకు ఈ సైన్స్ అవసరం లేదు, స్తంభాల మధ్య దొంగా పోలీసు ఆడుతుంది. పిల్లలకు రోజుకు సగటున గంట ఆట కావాలి కాబట్టి అందులో కొంత ఇక్కడే తీరుతుంది.

బరువు చూసే మెషీన్ అల్మారా మీద పెట్టేశాం. దర్జీ టేపు చాలు. మన దేశంలో నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు. మొదటిరోజు నాది 98. ఇప్పుడు 93. బరువు తగ్గింది రెండు కిలోలే.

(తెర మీద: ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం.)

ఇదిగో, మా ఆవిడ గంట. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరు నుంచి ఆరున్నర ఆమెది. తలుపు వేసుకుని క్యాన్‌తో కుస్తీ పడుతుంది. ఆ అరగంట డబ్బాలూ జడలూ నావి. మంగళ, గురు, శనివారాలు తారుమారు. నేను వేసే జడలు మధ్యాహ్నానికి ఊడిపోతున్నాయని స్కూల్లో మేడమ్ ఒకసారి నోట్ రాసి పంపారు. రెండు వారాలు పట్టింది కుదరడానికి.

పోయిన నెల బస్తా వచ్చింది. లిఫ్ట్ మళ్లీ బంద్. నేను చొక్కా చేతులు మడుస్తుండగా మా ఆవిడ, "కాస్త పక్కకు జరగండి" అని, బస్తాను పాదాల మధ్యకు లాక్కుని, తుంటి మడిచి, ఒంటికి ఆనించుకుని లేచింది. ఒక అంతస్తు తను మోసింది, తర్వాతి రెండూ నేను మోశాను. పాప మా వెనకాలే మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. మొత్తం 54.